ఎవరినీ తీసెయ్యలేదుగా, ఇంక కోత ఎక్కడ?

తిరుపతిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఆఫీసు పేరు వద్దులెండి. ఉద్యోగ సంఘం పనిలో పడి ఇరవై ఏళ్లు దాటింది. "ఖాళీలు నింపండి, పోస్టులు రద్దు చేయకండి" అని కరపత్రాలు పట్టుకుని బస్టాండు దగ్గర నిలబడితే కొన్ని మాటలు ప్రతిసారీ వినిపిస్తాయి. అందులో సగం మావాళ్లవే.

అపోహ: ఎవరి ఉద్యోగమూ పోలేదు, కాబట్టి కోత లేదు.

మన దగ్గర కోత మెడపట్టి గెంటినట్టు ఉండదు. ఒకాయన రిటైరవుతాడు. శాలువా కప్పుతాం, దండ వేస్తాం, కారెక్కించి ఇంటిదాకా దిగబెట్టి వస్తాం. మర్నాటి నుంచి ఆయన ఫైళ్లు పక్క సీటుకు వస్తాయి. రెండేళ్లు గడుస్తాయి, ఐదేళ్లు గడుస్తాయి. అప్పుడు పైనుంచి ఎవరో లెక్క తీసి, "ఆ పోస్టు లేకుండానే పని నడిచింది కదా" అంటారు. అంతే, కోత అయిపోయింది. ఎవరూ ఏడవలేదు కాబట్టి పేపర్లోనూ రాదు.

రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరిలో 62కి పెరిగింది. దాంతో 2022, 2023లో రిటైర్ కావాల్సినవాళ్లలో చాలామంది సీట్లలోనే ఉండిపోయారు. (మాకు సంతోషమే, కాదనను. డిగ్రీ చేసి కోచింగ్ సెంటర్లో కూర్చున్న మా ఇళ్లలోని పిల్లలకు మాత్రం కాదు.) 2024 నుంచి మళ్లీ కుర్చీలు ఖాళీ అవుతున్నాయి.

జిల్లాల సంగతీ అంతే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా అయింది. ఉన్న సిబ్బందినే ‘ఆర్డర్ టు సర్వ్’ (అక్కడికెళ్లి పనిచేయండన్న తాత్కాలిక ఉత్తర్వు) అని సర్ది కొత్త ఆఫీసుల్లో కూర్చోబెట్టారు. ఒక పెళ్లికి వండిన అన్నం రెండు పెళ్లిళ్లకు వడ్డించినట్టు.

కొండ మీదికి పోయే ఎలక్ట్రిక్ బస్సులు చూడండి. అవి కూడా 2022లోనే వచ్చాయి. బస్సు మీద ఆర్టీసీ పేరే ఉంటుంది, స్టీరింగ్ పట్టుకున్న డ్రైవర్ మాత్రం బస్సులిచ్చిన కంపెనీ మనిషి. అక్కడ పాత డ్రైవర్‌ని ఎవరూ తీసెయ్యలేదు. కొత్త ప్రభుత్వ డ్రైవర్ ఉద్యోగం పుట్టనే లేదు.

అపోహ: పర్మనెంటు వాళ్లకేం భయం, రాజ్యాంగంలో ఆర్టికల్ 311 ఉంది.

311 మనిషిని కాపాడుతుంది, పోస్టుని కాదు. తప్పు మోపి తీసెయ్యాలంటే విచారణ జరపాలి అంటుంది. పోస్టునే రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉందని 1973లోనే కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రిటైర్మెంటు వయసును 58 నుంచి 55కి దించితే వేలమంది ఒక్కసారిగా ఇంటికెళ్లారు. కోర్టుకెళితే, 1985లో ఆ నిర్ణయం చెల్లుతుందనే తీర్పు వచ్చింది. ఈలోగా 1984లో వయసు మళ్లీ 58 అయిందంటే అది రాజకీయాల వల్లే, రాజ్యాంగం వల్ల కాదు.

అపోహ: నోటీసిచ్చి సమ్మెకు దిగితే దారికొస్తారు.

కుర్రాళ్లకు ఈ ఆవేశం ఎక్కువ. నగరి దాటితే తమిళనాడే కదా, 2003 జులైలో అక్కడ ఏం జరిగిందో వాళ్లకు చెబుతుంటాను. సమ్మె చేసినందుకు లక్షన్నరకు పైగా ఉద్యోగుల్ని డిస్మిస్ చేశారు. ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు తేల్చేసింది. తర్వాత ఎక్కువమందిని వెనక్కి తీసుకున్నారు గానీ, ఆ రోజుల టెన్షన్ ఊహించుకోండి. సమ్మె వద్దని నేననడం లేదు. మన అంగన్‌వాడీ అక్కలు 2023 డిసెంబరులో మొదలుపెట్టి 42 రోజులు చేశారు, మధ్యలో ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) పెట్టినా లేవలేదు. అంత గుండె, అంత కట్టుబాటు మా ఆఫీసుల్లో ఉందా అని నా ప్రశ్న.

అపోహ: ఔట్‌సోర్సింగ్ చౌక.

ఏజెన్సీ ఉన్నచోట జీతం మీద కమీషన్, చాలాచోట్ల ఆ బిల్లు మీద జీఎస్టీ. మిగిలేదేమైనా ఉంటే అది కూలోడి కడుపులోంచి మిగిలిందే.

అపోహ: అదనపు బాధ్యతలిచ్చారంటే మనకు గొప్ప.

ఈ అపోహ నాదే. ఎఫ్‌ఏసీ (పూర్తి అదనపు బాధ్యత) కింద మూడు సీట్లు చూశాను. "ఆయనుంటే చాలు, ముగ్గురి పని చేస్తాడు" అని పైవాళ్లంటే ఛాతీ ఉబ్బేది. పాకాల వైపు నుంచి ఒక పెద్దామె ఒక సర్టిఫికెట్ కోసం వచ్చింది. రెండుసార్లు వచ్చి ఉత్త చేతుల్తో పోయింది. మూడోసారి, "ఈ సీటు సారు ఎప్పుడొస్తాడు నాయినా?" అంది.

"నేనేనమ్మా."

"మరి మొన్న యాడికి పోయినావు?"

మొన్న ఇంకో సీటులో ఉన్నాను. ఆమెకు అది ఎట్లా చెప్పాలో తెలియలేదు. ఖాళీ ఉందన్న సంగతి ఆమెకు కనపడకుండా అన్నేళ్లు కప్పిపెట్టింది నేనే.

ఆ తర్వాత మా కరపత్రం మారింది. అంతకుముందు మొదటి వాక్యంలోనే మా డీఏ (కరువు భత్యం) బకాయిలు, పీఆర్సీ (జీతాల సవరణ) ఉండేవి. జనం చదవకుండా సంచిలో పెట్టుకునేవాళ్లు, వేరుశనగలు పొట్లం కట్టుకోవడానికి. ఇప్పుడు ముందు రెండు ప్రశ్నలే వేస్తున్నాం: ఈ ఆఫీసుకు మంజూరైన పోస్టులెన్ని? ఇవాళ పనిచేస్తున్నది ఎందరు? ఇది ఎవరైనా సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు నమూనా కరపత్రం వెనకాలే అచ్చు వేశాం.

మొన్న చిత్తూరు బస్సెక్కబోతూ ఒకాయన దాన్ని తిప్పి చూసి, "ఇందులో మా ఊరి బడి పేరు కూడా రాయొచ్చా సార్?" అని పెన్ను అడిగాడు.