బాలింత తాగితే పాలు విషమవుతాయా? అపోహలు - వాస్తవాలు

పొద్దున ఏడింటికి ఫోన్. "మేడం, రాత్రి మా మరిది పెండ్లిల రెండు గ్లాసుల బీరు తాగిన. పాప ఏడ్చినా పాలు ఇయ్యలే. రాత్రంతా డబ్బా పాలే పట్టినం. నా పాలు ఇగ పాడైనట్టేనా?" గొంతు వణుకుతోంది. వెనక నుంచి పాప ఏడుపు వినబడుతోంది.

నేను వరంగల్‌లో పిల్లల డాక్టర్ని. ఈ ప్రశ్న నన్ను ఎవరూ అందరి ముందు అడగరు. అత్తగారు మందుల షాపుకు వెళ్లినప్పుడో, తలుపు దగ్గరగా వేశాకో గొంతు తగ్గించి అడుగుతారు. ఇది ఎక్కడో సిటీ పబ్బుల్లో కనిపించే సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో 6.7 శాతం మందికి తాగే అలవాటుంది. పట్నం కన్నా పల్లెల్లో ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో అది 0.5 శాతం. దసరాకు, బోనాలకు, పెళ్లికి, చావుకు కల్లు ముంత ఉండే ఊళ్లు మావి. అడగడానికి సిగ్గుపడితే, పక్కింటామె చెప్పిందే వైద్యమవుతుంది.

ముందుగా ఒక మాట. పాలిచ్చే తల్లి అసలు తాగకపోవడమే మంచిది. ఎవరడిగినా నేను ఇదే చెబుతాను. అయితే ఒకసారి తాగిన తల్లికి ఇది ఒక్కటే చెప్పి పంపిస్తే, భయంతో పాలే మాన్పించేస్తుంది. ఆ నష్టం ఇంకా పెద్దది.

అపోహ: ఒక్కసారి తాగినా పాలు విషమైపోతాయి, రెండు రోజులు పట్టకూడదు

ఆల్కహాల్ పాలలో నిల్వ ఉండదు. రక్తంలో ఎంత శాతం ఉంటే పాలలోనూ దాదాపు అంతే ఉంటుంది. తాగిన అరగంట నుంచి గంటలోపు బాగా పెరుగుతుంది. తిని తాగితే ఇంకాస్త ఆలస్యంగా పెరుగుతుంది. ఆ తర్వాత రక్తంలో తగ్గుతున్న కొద్దీ పాలలోనూ తగ్గిపోతుంది. అమెరికా వాళ్లు 14 గ్రాముల ఆల్కహాల్‌ను ఒక డ్రింక్‌గా లెక్కేస్తారు. ఒక డ్రింక్ తాగితే కనీసం రెండు గంటలు ఆగి పాలు పట్టమని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. రెండైతే నాలుగైదు గంటలు, మూడైతే ఆరు నుంచి ఎనిమిది గంటల దాకా పాలలో దాని జాడ ఉంటుంది.

ఇంటర్నెట్‌లో ఈ లెక్క చదివి మనవాళ్లు పొరబడేది ఒక్కచోటే. వాళ్ల డ్రింకూ మన డ్రింకూ ఒకటి కాదు. వాళ్ల బీరు 355 మి.లీ., 5 శాతం. మన పెద్ద సీసా 650 మి.లీ. స్ట్రాంగ్ అయితే 8 శాతం దాకా ఉంటుంది. అంటే ఆ ఒక్క సీసాలో దాదాపు 41 గ్రాముల ఆల్కహాల్, వాళ్ల లెక్కలో మూడు డ్రింకులు. మన బ్రాందీ, విస్కీ 42.8 శాతం. 30 మి.లీ. పెగ్గులో 10 గ్రాములు, లార్జ్‌లో 20, క్వార్టర్‌లో 60 గ్రాముల పైమాటే. "ఒక్క బీరే తాగిన" అన్న తల్లిని నేను ముందు అడిగేది ఏ సైజు సీసా, స్ట్రాంగా లైటా అని. సన్నగా ఉన్న తల్లికి ఇంకొంచెం ఎక్కువ టైం పడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయినా, మూడు నెలలు నిండని బిడ్డయినా నేను ఇంకా గట్టిగా చెబుతాను. ఆ వయసులో లివర్ ఆల్కహాల్‌ను పెద్దవాళ్లలో సగం వేగంతోనే అరిగించగలదు.

పొద్దున ఫోన్ చేసినామె తాగింది రాత్రి తొమ్మిదింటికి. రెండు గ్లాసులు. ఫోన్ చేసేటప్పటికి తాగి పది గంటలైంది. "ఫోన్ పక్కన పెట్టి ముందు పాపకు పాలు పట్టమ్మా" అన్నాను.

అపోహ: పాలు పిండి పారబోస్తే ఆల్కహాల్ త్వరగా పోతుంది

ఇది చదువుకున్నవాళ్లలో ఎక్కువ. మా దగ్గర పురుడు పోసుకుని ఇప్పుడు డాలస్‌లో ఉంటున్న ఒక అమ్మాయి, పార్టీ నుంచి వచ్చిన వెంటనే పంపుతో పాలన్నీ తీసి సింకులో పోసి, గంటకే బిడ్డకు పట్టింది. పాలన్నీ తీసేశాను కదా, ఇక ఏమీ ఉండదనుకుంది.

బావిలో నీళ్లు తోడేస్తే ఊరేది మళ్లీ ఆ ఊట నీళ్లే కదా. రక్తంలో ఆల్కహాల్ ఉన్నంతసేపు కొత్తగా వచ్చే పాలలోనూ ఉంటుంది. రక్తంలో తగ్గితే, రొమ్ములో ఉన్న పాల నుంచి అది తిరిగి రక్తంలోకి వెళ్లిపోతుంది. పారబోయాల్సిన పనే లేదు. రొమ్ములు గట్టిపడి సలుపుతుంటే మాత్రం పిండాలి. లేకపోతే గడ్డకడతాయి. నల్ల కాఫీ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం, ఇవేవీ పనిచేయవు. లివర్ పని లివర్ చేసుకోవాలి, దానికి టైం కావాలి, అంతే.

అయితే తీసి డబ్బాలో పెట్టిన పాల సంగతి వేరు. అవి రక్తం నుంచి తెగిపోయాయి. వాటిలో ఉన్న ఆల్కహాల్ ఫ్రిజ్‌లో పెట్టినా పోదు, వేడి చేసినా పోదు. పాల బ్యాంకుల్లో 62.5 డిగ్రీల దగ్గర అరగంట పాశ్చరైజ్ చేసేది క్రిముల కోసం, దాంతో ఆల్కహాల్ పోదు. అందుకే పంపు వాడేవాళ్లు డబ్బా మీద తేదీతో పాటు టైం కూడా రాయాలి. తాగిన తర్వాత పైన చెప్పిన గంటల్లోపు తీసినవి పారబోయాల్సిందే. ఫంక్షన్ ఉందని ముందే తెలిస్తే, ఆ పొద్దునే ఒక పూటకు సరిపడా పాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. నాలుగు రోజుల వరకు నిల్వ ఉంటాయి. వెళ్లేముందు బిడ్డకు కడుపు నిండా పట్టి వెళ్లండి.

అపోహ: కల్లు తాగితే పాలు బాగా పడతాయి

మా అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న నమ్మకం ఇది. పల్లెల్లో ఈత కల్లు, గిరిజన గూడేల్లో జీలుగు కల్లు. ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో అన్హైజర్ బుష్ అనే బీరు కంపెనీ 1895లోనే మాల్ట్ న్యూట్రిన్ అనే టానిక్ తెచ్చి, పాలిచ్చే తల్లులకు బలమని అమ్మింది.

1990 దశకంలో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సెంటర్‌లో జూలీ మెనెల్లా, గ్యారీ బోషాంప్ అనే పరిశోధకులు దీన్ని పరీక్షించారు. తల్లి తాగిన తర్వాతి మూడు నాలుగు గంటల్లో బిడ్డలు రొమ్ము పట్టారు కానీ, తాగిన పాలు తగ్గాయి. దాదాపు అయిదో వంతు తక్కువ. కారణం చేపు. దూడ మూతి తగలగానే ఆవు చేపుతుంది చూడండి, ఆడవాళ్లలోనూ అదే జరుగుతుంది. ఆ చేపును తెచ్చే ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌ను ఆల్కహాల్ అణిచేస్తుంది. పాలను తయారుచేయించే ప్రొలాక్టిన్ మాత్రం పెరుగుతుంది. దాంతో రొమ్ములు నిండుగా, బరువుగా అనిపిస్తాయి. కల్లు తాగగానే పాలు పడ్డాయని మన పెద్దవాళ్లు అన్నది ఆ బరువును చూసే. వాళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ ఆ బరువు వచ్చింది, పాలు బయటికి రాక.

బీరులోని బార్లీ ప్రొలాక్టిన్‌ను కొంత పెంచే మాట నిజమే. దానికి ఆల్కహాల్ అక్కర్లేదు. బార్లీ జావ కాచుకుని తాగండి. పాలు పెరగాలంటే మాత్రం బిడ్డ తరచుగా, రొమ్మును సరిగ్గా నోటినిండా పట్టుకుని తాగాలి. ఓపీలో పది నిమిషాలు కూర్చోబెట్టి అది సరిచేస్తే సగం మందికి "పాలు లేవు" అనే బాధ తీరిపోతుంది.

కల్లు గురించి నా అసలు భయం వేరే. చెట్టు దిగిన నీరా పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, ఆల్కహాల్ పెరుగుతుంది. సాయంత్రం ముంతలో ఎంతుందో ఎవరూ చెప్పలేరు. పైగా కల్తీ. మత్తు కోసం అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారని తెలంగాణలో తెలియనిదెవరికి? 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఈ మత్తుమందులు కూడా పాలలోకి వెళ్తాయి. డైజిపాం లాంటివి బిడ్డ ఒంట్లో రోజుల తరబడి పేరుకుంటాయి. బిడ్డ మగతగా పడి ఉంటుంది, పాలు పట్టదు, బరువు పెరగదు. కల్లు దుకాణం కల్లుకు నేను చెప్పిన గంటల లెక్క వర్తించదు. బాలింత దాన్ని ముట్టుకోవద్దు.

అపోహ: బిడ్డకు జలుబు చేస్తే రెండు చుక్కల బ్రాందీ పోయాలి

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది ఇదే. చలికాలంలో ఒక తెల్లవారుజామున నలభై రోజుల బాబును తెచ్చారు. పొత్తిళ్లు విప్పితే కాళ్లు చల్లగా ఉన్నాయి. చెయ్యెత్తి వదిలితే పడిపోతోంది. మడమ దగ్గర సూదితో గుచ్చి చూస్తే షుగర్ 31. నోటి దగ్గర వంగితే వాసన. నాయనమ్మ ఏడుస్తూ చెప్పింది, "సర్ది అయిందని గింతే పోసిన బిడ్డా, ఒక్క చెంచా". గ్లూకోజ్ ఎక్కించాం. మధ్యాహ్నానికి బాబు కళ్లు తెరిచి రొమ్ము వెతుక్కున్నాడు. ఆ ముసలమ్మ రోజంతా ఏమీ తినలేదు.

లెక్క చూడండి. ఒక చెంచా, అంటే 5 మి.లీ. బ్రాందీలో 1.7 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మూడున్నర కిలోల బిడ్డ ఒంట్లో పడితే రక్తంలో 100 మి.లీ.కి దాదాపు 70 మి.గ్రా. అవుతుంది. మన దేశంలో బండి నడిపేవాడిని పోలీసులు పట్టుకునే హద్దు 30 మి.గ్రా. అదే ఒక పెగ్గు తాగిన తల్లి పాలు 60 మి.లీ. తాగితే బిడ్డకు అందేది ఎక్కువలో ఎక్కువ 0.02 గ్రాములు. చెంచా బ్రాందీ దానికి ఎనభై రెట్లు. తల్లి పాలకు భయపడే ఇళ్లలోనే ఈ చెంచా ధైర్యంగా పోస్తున్నారు.

పసిబిడ్డల్లో ఆల్కహాల్ షుగర్‌ను పడేస్తుంది, ఊపిరిని మందగింపజేస్తుంది. ఛాతీకి, అరికాళ్లకు రుద్దడం కూడా వద్దు. ఆ పలుచని చర్మం దాన్ని పీల్చుకుంటుంది, ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. జలుబు చేస్తే ముక్కులో ఉప్పునీటి చుక్కలు, ఎక్కువసార్లు పాలు, తల్లి ఒంటి వెచ్చదనం చాలు. ఊపిరి వేగంగా తీస్తుంటే, డొక్కలు ఎగరేస్తుంటే, పాలు పట్టకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

అపోహ: బాలింతకిచ్చే అరిష్టాల్లో ఆల్కహాల్ ఉండదు

ఉంటుంది. దశమూలారిష్టం లాంటివి పులియబెట్టి చేసేవి. లేబుల్ మీద స్వయంజనిత ఆల్కహాల్ అని 5 నుంచి 10 శాతం దాకా రాసి ఉంటుంది. చెప్పిన మోతాదులో అది చాలా తక్కువ. పాలు పట్టిన వెంటనే వేసుకుంటే సరిపోతుంది. త్వరగా బలం వస్తుందని సీసా ఎత్తి తాగేవాళ్లనే నేను ఆపుతాను.

అపోహ: తల్లి కొంచెం తాగితే బిడ్డ హాయిగా నిద్రపోతుంది

త్వరగా జోగుతుంది, త్వరగా లేస్తుంది. మోనెల్ వాళ్లే 1998లో చూపించారు, ఆ తర్వాతి మూడున్నర గంటల్లో బిడ్డల మొత్తం నిద్ర తగ్గింది.

నిద్ర మాట వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పాలి. మన ఇళ్లలో బిడ్డ తల్లి పక్కలోనే పడుకుంటుంది. మామూలు రోజుల్లో తల్లి నిద్రలో కూడా బిడ్డ కదలికను పసిగడుతుంది. తాగిన రాత్రి ఆ మెలకువ ఉండదు. చెయ్యి మీద పడినా, కొంగు ముఖం మీద పడినా తెలియదు. బిడ్డ ఊపిరాడక చనిపోయే ప్రమాదం నిజంగా పెరుగుతుంది. ఇది తల్లికే కాదు, తాగొచ్చి అదే మంచం మీద పడుకునే తండ్రికి కూడా వర్తిస్తుంది. ఆ రాత్రి బిడ్డను ఉయ్యాల్లో వేయండి. తాగనివాళ్లు ఒకరు మేలుకుని చూసుకోవాలి.

ఇక రోజూ తాగే తల్లుల సంగతి. పైన చెప్పిన గంటల లెక్క వాళ్లకు పనిచేయదు. రోజూ ఎక్కువగా తాగే తల్లి బిడ్డకు పాల విషయంలో ఏం చేయాలన్నది డాక్టర్ చూసి నిర్ణయించాలి. అలవాటు ముదిరినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. అందుకే ఇంట్లో కట్టేసినట్టు మాన్పించకండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అడగరు. నా దగ్గరికి వచ్చినా పర్వాలేదు. తలుపు వేసే ఉంటుంది, నేను తిట్టను. ఏం తాగారు, ఎంత, ఎప్పుడు, ఈ మూడూ దాచకుండా చెప్పండి.