ఈ వికటకవి డేట్ల వెనక కథేంటి

02/02/2020 నాడు ఫోన్లన్నీ తిరిగిన మెసేజ్ గుర్తుండే ఉంటది, ఎటు నుంచి చదివినా ఒకటే, అచ్చం వికటకవి లాగా అని. ఆ రోజు అసలు విశేషం ఏంటంటే తేదీ ముందు రాసే మనకీ, నెల ముందు రాసే అమెరికా వాళ్ళకీ, సంవత్సరం ముందు రాసే చైనా, జపాన్ వాళ్ళకీ ముగ్గురికీ ఒకేసారి కుదిరింది. అంతకుముందు అలా కుదిరింది 11/11/1111న, మళ్ళీ కుదిరేది 12/12/2121కి. మధ్యలో వచ్చేవన్నీ అయితే మన ఒక్కళ్ళ పండగ, లేదంటే మిగతా ఇద్దరిదీ. 22/02/2022 మనకి ఎనిమిది అంకెల్తో చక్కగా కుదిరింది, అమెరికా వాళ్ళకి 02/22/2022 అయ్యి చెడింది, అయినా ఊరుకుంటారా, సున్నాలు పీకేసి 2/22/22 అనుకుని, పైగా ఆ రోజు మంగళవారం కాబట్టి టూస్‌డే అని పేరు పెట్టి మరీ సంబరం చేసుకున్నారు.

మన పద్ధతిలో సంవత్సరాన్ని తిరగేస్తే తేదీ, నెల రావాలి. 1200 నుంచి 1999 దాకా ఏ ఏడాదిని తిరగేసినా నెల 21, 31 ఇలా వస్తది, అందుకే 29/11/1192 తర్వాత 10/02/2001 దాకా, అంటే ఎనిమిది వందల ఏళ్ళు, ఒక్కటి కూడా లేదు. ఈ శతాబ్దంలో మాత్రం 29 ఉన్నాయి, అన్నీ ఫిబ్రవరిలోనే, 20ని తిరగేస్తే 02 కదా మరి. అమెరికా లెక్కలో 12, అన్నీ ఏదో ఒక నెల రెండో తారీఖునే. గణితం అంటాం గానీ సగం మహిమ రాసే అలవాటుదే.

ఆ అలవాటు ఎక్కడిదంటే, నెల ముందు రాయడం అమెరికా వాళ్ళు పుట్టించిందేం కాదు, ఇంగ్లండ్‌లోనూ అప్పట్లో అలా బాగానే రాసేవాళ్ళు, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద కూడా జులై 4, 1776 అనే ఉంటది. తర్వాత బ్రిటన్‌లో తేదీ ముందు రాయడం స్థిరపడింది, అమెరికా పాతదాన్నే పట్టుకుంది, బ్రిటిష్ వాళ్ళ ఆఫీసుల్లోంచి మనకి వాళ్ళ పద్ధతే వచ్చింది. అందుకే ముంబై దాడిని 26/11 అంటాం, న్యూయార్క్ దాడిని మాత్రం వాళ్ళలాగే 9/11 అంటాం, మన లెక్కన చదివితే అది నవంబర్ 9, బెర్లిన్ గోడ కూలిన రోజు!

ఇదంతా సరదాగా ఉన్నంతసేపు ఓకే, కానీ పన్నెండో తారీఖు దాటకపోతే నెలేదో తేదీ ఏదో చెప్పలేం, ఏడాదికి అలాంటివి 132 రోజులు. దానికి తోడు పాత కంప్యూటర్లలో మెమరీ పొదుపు కోసం సంవత్సరానికి రెండంకెలే పెట్టారు, 2000 వచ్చేసరికి 00 అంటే 1900 అనుకుంటదేమో అని ప్రపంచం అంతా హడలిపోయింది. వైటూకే అని పేరు పెట్టిన ఆ భయం పుణ్యమా అని అమీర్‌పేటలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని అమెరికా విమానం ఎక్కినవాళ్ళు ఎంతమందో, వాళ్ళు అక్కడ దిగాక మొదట మార్చుకోవాల్సిన అలవాట్లలో డేట్ రాయడం ఒకటి.

ఈ గందరగోళం తేల్చడానికి 1988లో ఐఎస్ఓ 8601 అని అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది, సంవత్సరం, నెల, తేదీ, పెద్దది ముందు చిన్నది తర్వాత. మనకిది కొత్తేం కాదు, పూజలో సంకల్పం వినండి, యుగం, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, అదే వరస. కాకపోతే అందులో అంకెలుండవు, 02/02/2020 ఆ లెక్కలో వికారి నామ సంవత్సర మాఘ శుద్ధ అష్టమి, భానువారం, తిరగేయడానికి ఏమీ లేదు. మన పాస్‌పోర్ట్ తీసి చూసినా పైన పుట్టినరోజు తేదీ ముందు ఉంటది, కింద మెషీన్ చదివే అక్షరాల వరసల్లో సంవత్సరం ముందు ఉంటది, ఒకే పేజీలో రెండు పద్ధతులు.

ఇక తర్వాతి వికటకవి డేట్ 03/02/2030. మనకది ఫిబ్రవరి 3, ఆదివారం. డాలస్‌లో ఉన్న మనవాళ్ళకి మార్చి 2, శనివారం, ఐఎస్ఓ లెక్క కూడా ఎప్పట్లాగే వాళ్ళ వైపే, 20300302.