రెండు గంటల తలంటు, పావుగంట నీళ్ళు

తీరిగ్గా తలంటు పోసుకోవాలంటే రెండు గంటలు పడుతుంది. నూనె పెట్టుకోవాలి, అది పట్టేదాకా ఆగాలి, కుంకుడు రసం తీయాలి, నలుగు పెట్టుకోవాలి, చివర్లో జుట్టు ఆరబెట్టుకోవాలి. ఇంత తతంగంలోనూ ఒంటి మీద నీళ్ళు పడేది మహా అయితే పావుగంట. ఈమధ్య రీల్స్‌లో 'ఎవ్రీథింగ్ షవర్' అని ఒకటి తిరుగుతోంది. అదీ వారానికోసారే, అదీ సెల్ఫ్ కేరే. కాకపోతే స్క్రబ్బు, హెయిర్ మాస్కు, షేవింగు అన్నీ వేడి షవర్ కిందే, గంట సేపు. చూడ్డానికి రెండూ ఒకలాంటివే. చర్మానికి మాత్రం చాలా తేడా ఉంది. వారానికోసారి చేసే పెద్ద స్నానంలో మనకి మేలు చేసేది చాలావరకు నీళ్ళు పోసుకోకముందే అయిపోతుంది. నీళ్ళలో ఎంత ఎక్కువసేపు ఉంటే అంత మంచిదనుకోవడమే పొరపాటు.

చర్మం పైపొర అంతా చనిపోయిన కణాలే. అరచేతులు, అరికాళ్ళు వదిలేస్తే దాని మందం మామూలు కాగితం మందంలో ఐదో వంతు కూడా ఉండదు. ఆ కణాల మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ ఆమ్లాలు పొరలుపొరలుగా పేరుకుని ఉంటాయి. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి చెత్త లోపలికి రాకుండా కాపు కాసేవి ఈ కొవ్వులే. బాగా వేడి నీళ్ళు, సబ్బు కలిస్తే మురికితో పాటు వీటినీ కొంత పట్టుకుపోతాయి. చలికాలంలో వేడివేడి స్నానం చేసి వచ్చాక కాళ్ళ మీద గోటితో గీస్తే తెల్లగా చార పడుతుంది కదా, అది ఇందుకే. పొడి చర్మం ఉన్నవాళ్ళు గోరువెచ్చటి నీళ్ళతో 5 నుంచి 10 నిమిషాల్లో స్నానం ముగించాలని అమెరికా చర్మవైద్యుల సంఘం చెబుతుంది.

చాలాసేపు నీళ్ళలో ఉంటే వేళ్ళు ముడతలు పడటం మాత్రం వేరే సంగతి. చర్మం నాని ఉబ్బడం వల్లే ఆ ముడతలు అనుకుంటాం. కానీ నరం దెబ్బతిన్న వేళ్ళు ఎంత నానినా ముడతలు పడవని 1936లోనే లూయిస్, పికరింగ్ అనే బ్రిటన్ వైద్యులు గమనించారు. అంటే అది నరాలు చేయించే పని. నరాల ఆజ్ఞతో వేలి కొసల్లోని రక్తనాళాలు కుంచించుకుంటాయి, లోపలి కండ తగ్గి పైచర్మం ముడుచుకుంటుంది. తడి వస్తువులు జారిపోకుండా పట్టుకోవడానికే ఈ ఏర్పాటని 2013లో న్యూకాజిల్ పరిశోధకులు అన్నారు. మరుసటి ఏడాదే బెర్లిన్‌లో అదే పరీక్ష చేస్తే ఆ తేడా కనిపించలేదు. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.

ఇక జుట్టు. వెంట్రుక నీళ్ళు పీల్చుకుంటే దాని లావు దాదాపు 15 శాతం పెరుగుతుంది. ఆరాక మళ్ళీ సన్నబడుతుంది. ఇలా ఉబ్బడం, తగ్గడం పదేపదే జరిగితే పైన పొలుసులు లేస్తాయి, లోపలి ప్రొటీన్ కొద్దికొద్దిగా కారిపోతుంది. తడి జుట్టు దువ్వితే ఎక్కువ తెగేది అందుకే. తలంటుకి ముందు నూనె ఎందుకు పెట్టాలో ఇక్కడ తెలుస్తుంది. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్నగా ఉంటుంది. అందుకే వెంట్రుక లోపలికి దూరగలుగుతుంది. అలా దూరి, నీళ్ళు లోపలికి పోకుండా కొంత అడ్డుపడుతుంది. ముంబైలో రేలే, మొహిలే అనే ఇద్దరు పరిశోధకులు 2003లో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. తలస్నానానికి ముందు రాసినా తర్వాత రాసినా ప్రొటీన్ నష్టాన్ని బాగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. వాళ్ళిద్దరూ కొబ్బరినూనె అమ్మే కంపెనీలోనే పనిచేసేవారన్న సంగతి కూడా చెప్పుకోవాలి. దాంతో ఫలితం తప్పైపోదు, కాకపోతే కాస్త ఆచితూచి చదవాలి.

ఇదంతా వెంట్రుక గురించి. మాడు సంగతి వేరు. చుండ్రుకి కారణమయ్యే మలసీజియా అనే శిలీంధ్రం కొవ్వు లేనిదే బతకలేదు. మాడు మీది జిడ్డే దాని తిండి. చుండ్రు ఉన్నవాళ్ళు రాత్రంతా తలకి నూనె పట్టించి పడుకుంటే దాన్ని మేపినట్టే. 'నూనె పెట్టక మాడు ఎండిపోయింది, అందుకే చుండ్రు' అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. అసలు జరిగేది దాదాపు దానికి తిరగబడ్డ కథ. చుండ్రు ఉంటే నూనె జుట్టు పొడవుకే రాసుకుని, మాడుని వదిలేయడం మేలు.

నూనె ఏదైనా, రాసే తీరుకి వేరే విలువ ఉంది. వెంట్రుకలుండే చర్మంలో, అంటే ముంజేతులు, వీపు, తొడల మీద, నెమ్మదిగా నిమిరితే మాత్రమే గట్టిగా స్పందించే సన్నని నరాలున్నాయి. సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో చెయ్యి కదిలితే అవి బాగా పలుకుతాయి. అంతకన్నా వేగంగా రుద్దితే వాటి స్పందన తగ్గిపోతుంది. అవి ఎక్కువగా స్పందించే వేగమే మనుషులకి ఎక్కువ హాయిగా ఉంటుందని 2009లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. అదే దేశంలో లింకోపింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ఇంకో సంగతి తేల్చారు. మన చేత్తో మనం నిమురుకుంటే మెదడు దాన్ని పెద్దగా పట్టించుకోదు, అదే పని ఇంకొకరు చేస్తే ఎన్నో భాగాలు స్పందిస్తాయి. అమ్మమ్మ వీపు మీద నువ్వులనూనె మర్దనా చేస్తుంటే పిల్లలు అలాగే తూగిపోయేది ఊరికే కాదు. మన తలంటుని 'సెల్ఫ్' కేర్ అనడం నాకు కాస్త ఇబ్బందిగా ఉండేది కూడా ఇందుకే. భోగికీ, ఉగాదికీ, నరక చతుర్దశికీ తలంటు ఇంకొకరి చేతి మీదుగానే జరిగేది.

కుంకుడుకాయ దగ్గర కాసేపు ఆగుదాం. కాయని రాయితో ఒక్కటి వేస్తే నల్లటి గింజ గోళీలా బయటికి దొర్లుతుంది. అది పనికిరాదు, సరుకంతా పైన ఉండే జిగురు పెచ్చులోనే ఉంది. వేణ్ణీళ్ళలో అరగంట నానాక పిసికితే తేనె రంగు రసం, దాని మీద తెల్లటి నురగ. ఆ పెచ్చులో ఉండేవి సపోనిన్లు. వాటి అణువుకి ఒక కొస జిడ్డుని పట్టుకుంటుంది, చక్కెరలు తగిలించిన రెండో కొస నీటిని పట్టుకుంటుంది. తలమీది నూనెని అలా లాగి నీళ్ళకి అప్పజెబుతాయి. సబ్బు చేసేదీ ఇదే, కాకపోతే సబ్బుకి క్షార గుణం ఉంటుంది, పొలుసులు లేచి జుట్టు బిరుసెక్కుతుంది. కుంకుడు రసానిది కొద్దిగా ఆమ్ల గుణం, చర్మం స్వభావమూ అదే. హైదరాబాద్ శివార్లలో బోరు నీళ్ళతో వేగేవాళ్ళకి ఇంకో తేడా కూడా తెలిసే ఉంటుంది. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిస్తే తెల్లటి తెట్టు కడుతుంది, జుట్టు తీగెలు సాగినట్టు అవుతుంది. కుంకుడుకి ఆ బెడద పెద్దగా లేదు. షాంపూకి కూడా లేదు, కాబట్టి షాంపూ వాడేవాళ్ళు బెంగపడక్కర్లేదు.

కంట్లో పడితే మాత్రం కుంకుడుకి జాలి లేదు. కణాల పైపొరలోని కొలెస్ట్రాల్‌తో సపోనిన్లు కలబడతాయి, కంటి పైపొర సున్నితం కాబట్టి భగ్గున మండుతుంది. అప్పుడు ఉప్పురాయి నోట్లో వేసుకోమనేవారు. నోట్లోని ఉప్పుకీ కంటి మంటకీ రసాయనపరంగా ఏ సంబంధమూ లేదు. ఏడుపు మీద నుంచి పిల్లాడి ధ్యాస మళ్ళేది, ఈలోగా కన్నీళ్ళు కన్ను కడిగేసేవి. మంచినీళ్ళతో కడగడమే అసలు మందు.

సున్నిపిండి పని తేలిక. పెసరపిండి జిడ్డుని పీల్చుకుంటుంది, దాని రవ్వ ఊడటానికి సిద్ధంగా ఉన్న మృతకణాలని దులుపుతుంది. బావంచాలనే మూలిక గింజలు కలిపిన పిండి అయితే కొంచెం జాగ్రత్త. వాటిలోని సోరాలెన్ చర్మాన్ని ఎండకి అతిగా స్పందించేలా చేస్తుంది. బొల్లికి అతినీలలోహిత కాంతితో చేసే వైద్యంలో డాక్టర్లు వాడేది ఈ రకం పదార్థాన్నే. నలుగు పెట్టుకుని తిన్నగా ఎండలోకి పోతే కొందరికి చర్మం మండుతుంది, నల్లగా మచ్చలు పడతాయి.

తలంటు పోసుకున్న రోజు మధ్యాహ్నం ముంచుకొచ్చే నిద్రకి పప్పన్నం ఒక్కటే కారణం కాదు. వేణ్ణీళ్ళు పడగానే చర్మంలోని రక్తనాళాలు విప్పారతాయి, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్ళలో. స్నానం అయ్యాక ఒంట్లోని వేడి వాటి గుండా బయటికి పోతుంది, లోపలి ఉష్ణోగ్రత దిగుతుంది. రాత్రి నిద్ర పట్టేముందు శరీరం సహజంగా చేసేదీ ఇదే. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలని టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో కలిపి చూశారు. పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల నీళ్ళతో స్నానం చేస్తే నిద్ర సగటున 10 నిమిషాలు ముందే పడుతుందని తేలింది. అందుకు పది నిమిషాల స్నానం సరిపోతుంది. ఇక్కడా ఎక్కువసేపు నీళ్ళలో ఉండాల్సిన పని లేదు.

గ్యాస్ గీజర్ ఉన్న ఇళ్ళల్లో అయితే ఎక్కువసేపు ఉండటం ప్రాణాపాయం కూడా. తలుపులు, కిటికీలు బిగించిన బాత్‌రూమ్‌లో గాలి చాలక గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, తల తిరుగుతోందని తెలిసేసరికి లేచే ఓపిక ఉండదు. గీజర్ బాత్‌రూమ్ బయటే ఉండాలి. ఖర్చు లెక్క చూసినా తక్కువసేపే మేలు. అమెరికాలో షవర్లకి చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి నిమిషానికి సుమారు 9.5 లీటర్లు. ఆ లెక్కన పది నిమిషాలకే 95 లీటర్లు. బకెట్, చెంబుతో అయితే 40 లీటర్లలో తలంటు అయిపోతుంది. 15 డిగ్రీలు వేడెక్కించాలంటే మొదటిదానికి సుమారు 1.7 యూనిట్ల కరెంటు, రెండోదానికి 0.7.

వారానికి ఒకసారే ఎందుకు అంటే, చర్మంలో ఏడు రోజుల గడియారం ఏదీ లేదు. కింద పుట్టిన కణం పైకొచ్చి రాలడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది, మాడు మీద జిడ్డు ఒకట్రెండు రోజుల్లోనే తిరిగి చేరుతుంది. ఏడు అనేది మన క్యాలెండర్ పెట్టిన లెక్క. ఆ లెక్క పనికొచ్చేది ఇంకోచోట. 'తీరిక దొరికితే చేస్తా' అనుకున్న పని కన్నా, 'ఫలానా అప్పుడు ఫలానా పని' అని ముందే కట్టుకున్న పని ఎక్కువసార్లు జరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచి చూపిస్తూ వచ్చాడు. శనివారం రాత్రి గిన్నెలో కుంకుడుకాయలు నానేస్తే ఆదివారం తలంటు సగం అయిపోయినట్టే.

అయితే ఆదివారం అందరికీ సెలవు కాదు. చాలా ఇళ్ళల్లో అమ్మకి ఆ రోజే పని ఎక్కువ. పిల్లలకి తలంటి, మొగుడి వీపు రుద్ది, వంట ముగించి, తన వంతు వచ్చేసరికి గీజర్‌లో నీళ్ళు చల్లారి ఉంటాయి. ఆవిడ నూనె పెట్టుకుని గంట సేపు ఊరికే కూర్చోవాలంటే, ఆ పూట ఉప్మా ఎవరు కలపాలో, అన్నం ఎవరు వండాలో కుంకుడుకాయలు నానేసేటప్పుడే తేల్చుకోవాలి.