గోదావరిలో రూపాయి, టోక్యో మీద గాలి

“విమానం సరిగ్గా లక్ష్యం నెత్తిమీదికి వచ్చాక బాంబు వదిలితే అది నేరుగా కిందనే పడాలి కదా, మరి యుద్ధాల్లో అన్ని బాంబులు గురి ఎందుకు తప్పుతాయి?” అని ఒక పాఠకుడు అడిగారు. ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. అయితే అది ఎంత సహజమైన పొరపాటంటే, ఇంటర్మీడియట్‌లో ప్రక్షేపకాల లెక్కలన్నీ తప్పు లేకుండా చేసినవారు కూడా అందులో పడుతుంటారు. మన పాఠ్యపుస్తకాలు “గాలి నిరోధం లేదనుకొనుము” అన్న ఒక్క మాటతో ఆకాశాన్నంతా ఖాళీ చేసేసి, సూత్రం చేతికిచ్చి పంపుతాయి. ఆ ఖాళీ చేసిన ఆకాశంలో నిజానికి ఏముంటుందో 1944 నవంబరు 24న అమెరికా బాంబర్లకు టోక్యో మీద తెలిసివచ్చింది. అక్కడికి వెళ్లేముందు రాజమండ్రి మీదుగా వెళ్దాం.

రైలు గోదావరి వంతెన ఎక్కగానే కిటికీల్లోంచి రూపాయి బిళ్ళలు నదిలోకి జారడం మనందరం చూసిందే. (రాగి నాణెం నీటిని శుద్ధి చేస్తుంది కనుక పెద్దలు ఈ ఆచారం పెట్టారని శాస్త్రీయంగా వివరించేవారు ఉన్నారు. ఇప్పటి రూపాయి బిళ్ళ స్టెయిన్‌లెస్ స్టీలుదని చెబితే వారు కొంచెం నొచ్చుకుంటారు. నదికి దండం పెట్టుకోవడానికి లోహశాస్త్రం సాక్ష్యం ఎందుకో నాకు అర్థం కాదు.) రైలు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనీ, వంతెన నీటికి 15 మీటర్ల ఎత్తున ఉందనీ అనుకుందాం. చేతిలోంచి జారిన నాణేనికి నీటిని చేరడానికి ఒకటిముప్పావు సెకను పడుతుంది. ఆ వ్యవధిలో అది రైలు తనకిచ్చిన వేగంతోనే ముందుకు కూడా సాగుతుంది కనుక, గాలి అడ్డు లేకపోతే వదిలిన చోటికి 29 మీటర్ల ముందు, అప్పటికి మన కిటికీ ఎక్కడుందో సరిగ్గా దాని కింద పడుతుంది. కానీ కిటికీలోంచి చూసేవారికి నాణెం వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది. అది కంటి భ్రమ కాదు. పలచని, తేలికైన బిళ్ళను గాలి గట్టిగా అడ్డుకోవడం వల్ల అది నిజంగానే రైలు కంటే వెనకబడుతుంది. బాంబు బరువైనది, మొన తేలినది, తోకకు రెక్కలున్నది కనుక అంతగా వెనకబడదు. అయినా ఎంతో కొంత వెనకబడుతుంది. ఆ వెనకబాటును ముందే పట్టికల్లో లెక్కగట్టి ఉంచడం బాంబర్డియర్ల (విమానంలో గురి చూసి బాంబు వదిలేవారి) శాస్త్రంలో మొదటి మెట్టు.

రెండో మెట్టు కష్టమైనది. రైలు పట్టాలు నేలకు అతుక్కుని ఉంటాయి, విమానం నడిచే పట్టాలు మాత్రం గాలిలో ఉంటాయి. ఆ గాలే కదులుతుంటే, వంతెన మొత్తం రైలుతో సహా ముందుకో పక్కకో జరుగుతున్నట్టు లెక్క. కిటికీ దగ్గర కూర్చున్నవారికి, అంటే విమానంలోని వేగమాపకానికి, ఆ జరుగుడు ఏమాత్రం తెలియదు; అది చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగాన్నే చూపిస్తుంది. బాంబు పడవలసింది నేల మీద కనుక కావలసింది నేలతో పోల్చిన వేగం.

ఈ చిక్కును విప్పడానికి పుట్టిన గురి యంత్రమే నార్డెన్ బాంబ్‌సైట్. దాని కథలో అందరూ చెప్పుకునే రహస్యాలనూ, వాటిని కాపాడతామని బాంబర్డియర్లు చేసిన ప్రమాణాలనూ వదిలేస్తాను, లోపలి ఉపాయం వాటికంటే చాలా అందమైనది. బాంబర్డియర్ దుర్భిణిలోంచి లక్ష్యాన్ని చూస్తూ, అడ్డగీతల కూడలి దాని మీద నిలిచేదాకా మరలు తిప్పుతాడు. యంత్రంలో ఒక పళ్లెం నిలకడైన వేగంతో తిరుగుతుంటుంది, దాని మీద ఒక చిన్న చక్రం ఆనుకుని ఉంటుంది. చక్రాన్ని పళ్లెం నడుమకు జరిపితే నెమ్మదిగా, అంచుకు జరిపితే వేగంగా తిరుగుతూ అది దుర్భిణి అద్దాన్ని వంచుతుంది. లక్ష్యం గీతల కూడలి నుంచి ఇటూ అటూ జారకుండా నిలిచిన క్షణంలో, ఆ చక్రం పళ్లెం మీద ఎంత దూరంలో ఉందన్నదే బాంబు వదలవలసిన కోణాన్ని చెప్పేస్తుంది. నేల మీద వేగం ఎంతో ఎవరూ అంకెల్లో కొలవలేదు, అయినా యంత్రానికి తెలిసిపోయింది. గాలి ఎటు వీచినా ఎంత వీచినా ఆ లెక్కలో దానంతటదే కలిసిపోతుంది. ఒక్క షరతు మాత్రం ఉంది: విమానం ఎత్తు నుంచి నేల దాకా గాలి ఒకేలా వీస్తుండాలి.

ఆ నవంబరు రోజున పసిఫిక్‌లోని సైపాన్ దీవి నుంచి 73వ బాంబర్ వింగ్‌కు చెందిన 111 బి-29 బాంబరు విమానాలు లేచాయి. ముందు నడిచింది 497వ బాంబర్ గ్రూప్ విమానమైన ‘డాంట్‌లెస్ డాటీ’, అందులో వింగ్ అధిపతి బ్రిగేడియర్ జనరల్ ఎమ్మెట్ ఓడానెల్ స్వయంగా ఉన్నారు. లక్ష్యం సుమారు 2,400 కిలోమీటర్ల దూరంలో, టోక్యో శివారు ముసాషినోలో ఉన్న నకాజిమా విమాన ఇంజన్ల కర్మాగారం. శత్రు ఫిరంగులకు సులువుగా అందకుండా విమానాలు 27,000 నుంచి 33,000 అడుగుల ఎత్తున పోవాలన్నది ప్రణాళిక. ఆ ఎత్తుకు చేరి లక్ష్యం వైపు తిరిగేసరికి, వెనక నుంచి గంటకు దాదాపు 220 కిలోమీటర్ల వేగపు గాలి వాటిని ఎత్తుకుంది. నేల మీద వాటి వేగం గంటకు 716 కిలోమీటర్లయింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 30,000 అడుగులంటే 9,144 మీటర్లు. అక్కడి నుంచి, గాలి అడ్డు వదిలేసినా, బాంబు పడటానికి 43 సెకన్లు పడుతుంది. గాలి లేని రోజున సెకనుకు 133 మీటర్ల వేగంతో పోయే విమానం లక్ష్యానికి 5.7 కిలోమీటర్ల ముందే బాంబు వదలాలి. ఆ రోజు వేగం సెకనుకు 199 మీటర్లు కనుక దాదాపు 8.6 కిలోమీటర్ల ముందు వదలాలి. నిట్టనిలువు నుంచి చూస్తే దుర్భిణి కోణం 32 డిగ్రీల నుంచి 43 డిగ్రీలకు పోతుంది. చేయి ఒక్క సెకను తడబడితే గురి 200 మీటర్లు తప్పుతుంది. 70 డిగ్రీల కోణంలో ముందుకు చూసి లక్ష్యాన్ని గుర్తుపట్టాడనుకుంటే, మరలు సరిచూసుకోవడానికి మామూలు రోజున బాంబర్డియర్‌కు రెండు నిమిషాలకు పైగా దొరికేది, ఇక్కడ దొరికేది ఎనభై సెకన్ల పైచిలుకు మాత్రమే. అది కూడా కింద మేఘాలు లేకపోతేనే, ఆ రోజు మేఘాలు ఉన్నాయి.

గాలికి ఎదురుగా వస్తే సరిపోదా అని అడగవచ్చు. అప్పుడు నేల మీద వేగం గంటకు 260 కిలోమీటర్లకు పడిపోతుంది, ఫిరంగులకు అంతకంటే తేలికైన గురి ఉండదు. అడ్డంగా వస్తే, వరద గోదావరిని దాటే పడవవాడు ఎగువకు ముక్కు తిప్పినట్టు, విమానం ముక్కును 27 డిగ్రీలు పక్కకు తిప్పి పీతలా నడపాలి.

ఇంతవరకు నార్డెన్ యంత్రం సర్దుకోగలదనే అనుకుందాం, అసలు దెబ్బ షరతు దగ్గర తగులుతుంది. తొమ్మిది కిలోమీటర్ల ఎత్తున సెకనుకు 60 మీటర్ల వేగంతో వీచే గాలి, కిందికి వచ్చేకొద్దీ తగ్గుతూ నేల దగ్గర మామూలు గాలి అవుతుంది. పై గాలి వేగాన్ని ఒంట పట్టించుకున్న బాంబు, నెమ్మదైన కింది పొరల్లోకి దిగినకొద్దీ ఆ పొరలు దానికి ఎదురుగాలి అవుతాయి. చుట్టూ ఉన్న గాలి కంటే బాంబు మరింత వేగంగా పోతుంటుంది కనుక నిరోధం పెరిగి, యంత్రం ఊహించినదానికంటే వెనక పడుతుంది. ఒక మోస్తరు బాంబుకు ఉజ్జాయింపుగా లెక్క వేస్తే ఈ తేడా ఒకటి రెండు వందల మీటర్లు వస్తుంది. లక్ష్యం ఊరు కాక ఒక కర్మాగారం అయినప్పుడు అది చిన్న తేడా కాదు. ఫలితం కూడా అలాగే ఉంది. ముసాషినో మీద బాంబులు వేయగలిగినవి 24 విమానాలే. మరో 64 విమానాలు రేవుల మీదా నగరం మీదా కుమ్మరించాయి. కర్మాగారం ఆవరణలో పడిన బాంబులు 48, దెబ్బతిన్న కట్టడాలు నూటికి ఒక వంతు.

చాలా ఎత్తున నదిలా వేగంగా పారే ఇలాంటి గాలిని జెట్ స్ట్రీమ్ అంటారు. అంత గాలి అక్కడ ఎందుకుంది? వేడి గాలి స్తంభం పొడుగు, చల్లని గాలి స్తంభం పొట్టి అన్న ఒక్క సంగతి చాలు. శీతకాలంలో మంచూరియా మీది గాలి, జపాన్‌కు దక్షిణాన వెచ్చని సముద్రం మీది గాలి కంటే సగటున 20 డిగ్రీలు చల్లగా ఉందనుకుందాం. గాలి సగటు పరమ ఉష్ణోగ్రత (కెల్విన్ కొలతలో) దాదాపు 250 డిగ్రీలు, అందులో 20 అంటే ఎనిమిది శాతం, కనుక తొమ్మిది కిలోమీటర్ల స్తంభంలో 720 మీటర్ల తేడా వస్తుంది. 1,500 కిలోమీటర్ల దూరంలో ఆ 720 మీటర్ల వాలు మీద గాలి ఉత్తరానికి జారబోతుంది, భూభ్రమణం దాన్ని కుడికి తిప్పి పడమటి గాలిగా మారుస్తుంది. జపాన్ అక్షాంశంలో ఈ రెండూ సమతూకంలో ఉండాలంటే గాలి సెకనుకు 55 మీటర్ల వేగంతో, అంటే గంటకు సుమారు 200 కిలోమీటర్లతో వీయాలి. బాంబర్లను తోసినది 220. కాగితం మీది నాలుగు గీతల లెక్క ఆకాశానికి ఇంత దగ్గరగా వచ్చినప్పుడు కలిగే ఆనందాన్ని నేను దాచుకోలేను.

దీన్నే తిరగేస్తే మన నెత్తిమీద కూడా పనిచేస్తుంది. వర్షాకాలంలో టిబెట్ పీఠభూమి వేడెక్కి ఉత్తరపు స్తంభమే పొడుగవుతుంది కనుక, దక్షిణ భారతం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి జెట్ స్ట్రీమ్ వీస్తుంది. ఆ ప్రవాహాన్ని 1958లో ప్రపంచానికి వివరించినది మన తెలుగువాడైన పి. కోటేశ్వరం.

టోక్యో మీది గాలి అమెరికన్ సిబ్బందికి కొత్త కానీ జపాన్‌కు కాదు. టాటెనో పరిశోధనశాల అధిపతి వాసబురో ఓయిషి 1920ల్లోనే బెలూన్లు వదిలి, వాటిని దుర్భిణితో వెంబడించి, శీతకాలపు ఈ ప్రచండమైన పడమటి గాలిని కొలిచాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో 1926లో తన నివేదికను, అన్ని దేశాలవారి కోసం కల్పించిన ఎస్పెరాంటో భాషలో రాశాడు, దాంతో దాదాపు ఎవరూ చదవలేదు. జపాన్ సైన్యం మాత్రం ఆ జ్ఞానాన్ని వాడుకుంది. బి-29లు టోక్యో మీదికి వచ్చిన ఆ నవంబరులోనే అది బాంబులు కట్టిన కాగితపు బెలూన్లను అదే గాలిలోకి వదలడం మొదలుపెట్టింది. మొత్తం 9,000కు పైగా వదిలారు. వాటిలో ఒకటి 1945 మేలో అమెరికాలోని ఆరెగాన్ అడవిలో పేలి ఆరుగురు చనిపోయారు.

అంతకుముందు మన ఖరగ్‌పూర్ కేంద్రంగా బి-29లను నడిపిన అమెరికా జనరల్ కర్టిస్ లెమే 1945 జనవరిలో సైపాన్ ప్రాంతపు బాంబర్ల పగ్గాలు చేపట్టాడు. పై గాలి, మేఘాలు, ఎత్తు ఎక్కడంలో ఇంజన్లు తాగే పెట్రోలు, ఇన్ని బాధలూ ఒక్కసారిగా వదిలించుకోవడానికి అతను ఎత్తునే వదులుకున్నాడు. మార్చి 9 రాత్రి విమానాలు 5,000 నుంచి 9,000 అడుగుల మధ్య ఎగిరాయి. అక్కడ జెట్ స్ట్రీమ్ లేదు, పడే సమయం సగానికి తగ్గింది, కోణాల లెక్కతో పెద్దగా పని లేదు. ఎందుకంటే ఈసారి గురి ఒక కర్మాగారం మీద కాదు, కొయ్య ఇళ్లతో కిక్కిరిసిన పేటల మీద. 279 విమానాలు వేసిన నిప్పు బాంబులకు ఆ రాత్రి 41 చదరపు కిలోమీటర్ల టోక్యో కాలిపోయింది, సుమారు లక్షమంది చనిపోయారు. ఆ మంటలను ఇంటి నుంచి ఇంటికి మోసినది నేల మీద వీచిన గాలి.