మాసి వీధుల్లో చిత్తిరై తేరు: మదురై పండగ వెనుక కథ

తమిళుల చిత్తిరై నెల దగ్గరపడేసరికి మదురైలో ఏటా రెండు ప్రశ్నలు లేస్తాయి. అళగర్‌కోవిల్ కొండ మీది పెరుమాళ్ అళగర్ పండగకు వచ్చి దిగే నాటికి వైగై ఏట్లో నీళ్లుంటాయా? ఆయన మీద నీళ్లు చిమ్మే మొక్కుబడి వాళ్లను ఎంత దగ్గరికి రానివ్వాలి? కలెక్టరు కార్యాలయంలో సమావేశాలు, ఆనకట్ట దగ్గర నీటి లెక్కలు, హైకోర్టు మదురై ధర్మాసనం ముందు పిటిషన్లు చాలావరకు ఈ రెండింటి చుట్టే తిరుగుతాయి. పైకి ఇవి ఏర్పాట్లకు సంబంధించిన చిక్కులే అనిపిస్తాయి గానీ, వీటి వేరు 17వ శతాబ్దంలో ఒక తెలుగు రాజు చేసిన మార్పులో ఉంది.

ఆ మార్పు ఆనవాలు మదురై వీధుల పేర్లలోనే ఉంది. మీనాక్షి కోవెల చుట్టూ చదరాలుగా వీధులు పరుచుకుని ఉంటాయి. ప్రాకారం లోపల ఆడి వీధులు, గోడ బయట చిత్తిరై వీధులు, ఆపైన ఆవణి మూల వీధులు, ఇంకా బయట మాసి వీధులు, చివరన వెలి వీధులు. ఏ నెల ఉత్సవం ఏ వీధిలో ఊరేగితే ఆ వీధికి ఆ నెల పేరు. ఆ లెక్కన చిత్తిరై పండగ తేరు చిత్తిరై వీధుల్లో తిరగాలి. అది తిరిగేది మాసి వీధుల్లో. మీనాక్షి కల్యాణం ఒకప్పుడు మాసి నెలలో, అంటే ఫిబ్రవరి, మార్చి మధ్య జరిగేది. పండగ నెల మారింది, తేరు దారి మాత్రం మారలేదు.

మార్చినవాడు తిరుమల నాయకుడు. 1623 నుంచి 1659 దాకా ఏలాడు, తిరుచిరాపల్లిలో ఉన్న రాజధానిని మదురైకి తెచ్చాడు. మధుర నాయక రాజులు తెలుగువాళ్లు, విజయనగరం పంపిన నాయకుల సంతతి. మాసిలో రైతులు కోతల్లో ఉంటారని, పెద్ద తేర్లను లాగడానికి జనం చాలరని, చిత్తిరైలో అయితే పొలం పనులు అయిపోయి ఊళ్లన్నీ తీరుబడిగా ఉంటాయని ఆయన పండగను జరిపాడని చెబుతారు. రాజకీయ కారణం అంతకంటే పెద్దదని నా అభిప్రాయం. చిత్తిరై పౌర్ణమికి అళగర్‌కోవిల్ నుంచి సుందరరాజ పెరుమాళ్ (ఈయనే అళగర్) అప్పటికే ఏటా కొండ దిగి వచ్చేవాడు. రెండు ఉత్సవాలను పక్కపక్కన పెడితే శైవులు, వైష్ణవులు, నగరం వాళ్లు, పల్లెల వాళ్లు ఒకే వారంలో ఒకే చోట చేరతారు.

అళగర్ అప్పట్లో మదురైకి రాడు. సోళవందాన్ వైపు తేనూరు అనే ఊరి దగ్గర వైగైలో దిగేవాడు. ఆ దిగడానికి ఆలయం చెప్పే కారణం మండూక మహర్షి. సుతపసుడు అనే ఋషి అళగర్ కొండ మీద నూపుర గంగలో స్నానం చేస్తూ దుర్వాసుణ్ణి పట్టించుకోలేదు. కప్పవైపొమ్మని శాపం తగిలింది. వైగై ఒడ్డున తపస్సు చేస్తే పెరుమాళ్ వచ్చి విమోచనం ఇస్తాడన్నారు. ఈ ఘట్టాన్ని తేనూరు నుంచి మదురై పక్కనున్న వండియూరుకు మార్చారు. అక్కడి మండపాన్ని నేటికీ తేనూరు మండపమనే పిలుస్తారు.

రెండు ఊరేగింపులు పక్కపక్కకు రాగానే జనం తమ కథ తాము అల్లుకున్నారు. అళగర్ మీనాక్షికి అన్న, చెల్లెలి పెళ్లికి సారె పట్టుకుని బయల్దేరాడు, దారిలో ఆలస్యమైంది, ఏట్లో ఉండగానే పెళ్లి అయిపోయిందని విన్నాడు, కోపంతో నగరంలో అడుగు పెట్టకుండా వండియూరు వైపు తిరిగిపోయాడు. ఆ రాత్రి తన ముస్లిం ప్రేయసి తులుక్క నాచ్చియార్ ఇంట ఉంటాడని కూడా జనం చెప్పుకుంటారు. రెండు ఆలయాల ఉత్సవ క్రమంలో ఈ కథలేవీ లేవు. మీనాక్షి పెళ్లిలో చెయ్యి పట్టించే అన్నగా వచ్చేది తిరుప్పరంకున్రం నుంచి పవళక్కనివాయ్ పెరుమాళ్. ఆయన వేళకే వస్తాడు, కన్యాదానం లోటు లేకుండా జరిగిపోతుంది. అయినా లక్షల మంది నమ్మేది ఆలస్యంగా వచ్చిన అన్ననే. అందుకు తగ్గట్టే అళగర్ ఉత్తరపు ఒడ్డున ఏట్లో దిగి, ఉత్తరపు ఒడ్డునే తిరిగి వెళ్తాడు. మీనాక్షి కోవెల దక్షిణపు ఒడ్డున ఉంది. ఆయన వైగై దాటడు.

కోవెల వైపు ఉత్సవం 12 రోజులు. ఎనిమిదో రోజు మీనాక్షికి పట్టాభిషేకం. వేపపూల మాల పాండ్యుల గుర్తు, తలకు పెట్టే కిరీటం పేరు రాయర్ కిరీటం. పాండ్యుల పూలమాల, విజయనగర రాయల పేరున్న కిరీటం ఒకే విగ్రహం మీద చూడాలంటే ఆ రాత్రే చూడాలి. ఆనాటి నుంచి ఆవణి దాకా నాలుగు నెలలు మదురై ఆమె ఏలుబడి, మిగతా ఎనిమిది నెలలు ఆమె భర్త సుందరేశ్వరుడిది. తొమ్మిదో రోజు దిగ్విజయం, పదో రోజు కల్యాణం, పదకొండో రోజు తేరు. కల్యాణ ముహూర్తానికే ఊళ్లో ముత్తైదువలు తమ తాళి తాడు మార్చుకుంటారు.

అళగర్ ప్రయాణం ఆ రోజుల్లోనే మొదలవుతుంది. అళగర్‌కోవిల్ మదురైకి సుమారు 21 కిలోమీటర్లు. బయల్దేరేటప్పుడు ఆయన వేషం కళ్లర్ కులస్తుడిది: తలకు కొండై (సిగ), చేతిలో కర్ర, వళరి అనే వంపు తిరిగిన విసురు ఆయుధం. అందుకే కళ్లళగర్ అనే పేరు. తమిళంలో కళ్లర్ అంటే దొంగలనే అర్థమూ ఉంది. వైష్ణవ భక్తకవి నమ్మాళ్వార్ తన తిరువాయ్‌మొళిలో ఈ కొండ మీది దేవుణ్ణి అప్పుడే వంచక దొంగ అని పిలిచాడు కాబట్టి, దొంగ అనే మాట ఈయనకు కొత్త కాదు. గోపురం దగ్గర కాపలా దేవుడు పదినెట్టాంపడి కరుప్పన్ అనుమతి తీసుకునే గడప దాటుతాడు.

దారిలో మండగప్పడులు ఉంటాయి. దాతలు, కులసంఘాలు వేసిన మండపాల్లో స్వామి ఆగడాన్నే మండగప్పడి అంటారు. ఇవి నాలుగు వందల పైచిలుకు. కాలయాపన ఇక్కడే మొదలవుతుంది. ఒక్కోచోట మూడు నిమిషాలు ఆగినా 400 చోట్లకు 20 గంటలు. ఒక మండపంలో హారతి పది నిమిషాలు సాగితే వెనక లైనంతా జరుగుతుంది, కానీ ఏట్లో దిగే ముహూర్తం తెల్లవారుజామున ముందే ఖాయమై ఉంటుంది. ఊరి పొలిమేర మూన్రుమావడి దగ్గర జనం ఎదురెళ్లి స్వాగతం చెప్పే ఎదిర్‌సేవై, ఆ రాత్రి తల్లాకుళం ప్రసన్న వేంకటాచలపతి కోవెలలో ఆగడం, అక్కడ బంగారు గుర్రం ఎక్కడం, ఇవన్నీ ఆ ముహూర్తానికి వెనక్కి లెక్కగట్టి పెట్టుకున్నవే.

తల్లాకుళంలో ఆయన వేసుకునే మాల శ్రీవిల్లిపుత్తూరు నుంచి వస్తుంది. ఆండాళ్ ధరించి విడిచిన మాల. తెలుగువాళ్లకు ఈ మాల కథ చెప్పనక్కర్లేదు, ఆముక్తమాల్యద పేరే అది. ఇలాంటి మాలే తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవకూ వెళ్తుంది. ఆ రాత్రే ఏట్లో దిగేటప్పుడు కట్టే పట్టు రంగు ఖాయమవుతుంది. భట్టరు (అర్చకుడు) పెట్టెలోకి చూడకుండా చెయ్యి పెట్టి చేతికందిన పట్టు తీస్తాడు. పచ్చ వస్తే పంటలు బాగుంటాయని, ఎరుపు వస్తే కీడని నమ్మకం. ఇటీవలి ఏళ్లలో ఎక్కువగా పచ్చపట్టే వచ్చింది.

తెల్లవారుతుండగా గోరిపాళయం మీదుగా ఏవీ (ఆల్బర్ట్ విక్టర్) వంతెన దగ్గర స్వామి ఏట్లో దిగుతాడు. వీరరాఘవ పెరుమాళ్ వెండి గుర్రం మీద ఎదురొస్తాడు. మొక్కుకున్నవాళ్లు ఇత్తడి చెంబులో నాటు చక్కెర నింపి, అరటాకు మూతగా కట్టి, ఆకు మీద కర్పూరం వెలిగించి ఎత్తి పట్టుకుంటారు. ఆకు పచ్చిగా, మందంగా ఉండాలి. వడలిన ఆకైతే కాలి చిల్లుపడుతుంది, కర్పూరం చక్కెరలో పడి మాడి ప్రసాదం పాడవుతుంది. తల ఎత్తున మండే చెంబులు వందల సంఖ్యలో ఉన్నచోట నైలాన్ చీరలు, పాలిస్టర్ చొక్కాలు ప్రమాదమే. నూలు బట్టలు కట్టుకోవాలి.

ఇక నీళ్ల చిక్కు. ఏప్రిల్, మేలో వైగై సహజంగా ఎండిపోయే ఏరు. తీరుబడి చూసి ఎంచుకున్న నెల నీళ్లు లేని నెల అయింది. ఇప్పుడు పండగకు నీళ్లు వచ్చేది ఎగువన తేని జిల్లాలో ఉన్న వైగై ఆనకట్ట నుంచి. ఇది 1959లో కట్టింది, 71 అడుగుల మట్టం దాకా నీళ్లు నిలుస్తాయి. దానికి ముఖ్యమైన ఆధారం 1895 నుంచి కనుమలకు అవతలి నుంచి మళ్లిస్తున్న ముల్లై పెరియారు నీళ్లు. ఆనకట్ట నుంచి మదురై దాదాపు 70 కిలోమీటర్లు. ఇసుక ఏరు కావడంతో మొదట వదిలిన నీళ్లను ఏటి అడుగే తాగేస్తుంది. ఇసుక తవ్విన గుంతలు నిండాక గానీ ధార ముందుకు కదలదు. అందుకే కొద్ది రోజుల ముందే వదులుతారు. తక్కువ వదిలితే నగరం చేరవు. ఎక్కువ వదిలితే జనం నిలబడే ఇసుకతిన్నె మునిగిపోతుంది, ఈత రానివాళ్లు గుంతల్లో చిక్కుకుంటారు. ఆనకట్టలో నీళ్లు లేని ఏడు ఏట్లోనే తొట్టి కట్టి నింపి అందులో దించుతారు. శాస్త్రానికి అది సరిపోతుంది. ఏటి నిండా నీళ్లు ఉండాలనే పట్టుదల కంటే, మోకాలి లోతు పారే నీళ్లు, నిలబడటానికి చోటు రెండూ మిగిలేలా లెక్క చూడటమే ముఖ్యం.

2022 ఏప్రిల్ 16న ఆ లెక్క తప్పింది. 2020, 2021ల్లో కరోనా వల్ల అళగర్ కొండ దిగలేదు, క్రతువులన్నీ అళగర్‌కోవిల్‌లోనే ముగించారు. రెండేళ్ల ఆకలితో జనం వచ్చారు. ఏట్లో నీళ్లుండటంతో లోపల నిలబడాల్సినవాళ్లు గట్టు మీదికి, వంతెన దారుల్లోకి ఒత్తుకున్నారు. తొక్కిసలాటలో ఇద్దరు చనిపోయారు. నది రెండు పక్కలా కట్టిన గోడలు, రోడ్ల వల్ల ఒకప్పుడు ఎక్కడబడితే అక్కడ దిగే ఏటికి ఇప్పుడు కొన్ని దారులే మిగిలాయి. వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటే: స్వామి వచ్చే గోరిపాళయం దారిలోనే దిగకుండా, చీకటి ఉండగానే వేరే దారిన ఏటికి చేరాలి. చిమ్మడం మొదలయ్యాక వెనక్కి తిరగడం కుదరదు.

ఆ చిమ్మడం అసలు సంగతి తోలుతిత్తి. కరుప్పసామి వేషం వేసుకున్న మొక్కుబడి వాళ్లు మేకతోలు తిత్తిలో నీళ్లు నింపి, సన్నని గొట్టం గుండా చేత్తో నొక్కి చిమ్ముతారు. ఎండలో వచ్చిన స్వామిని చల్లబరచడం ఉద్దేశం. చేతి బలానికి ధార కొద్ది దూరమే వెళ్తుంది, వానజల్లులా విడిపోయి పడుతుంది. ఆ స్థానంలోకి కొన్నేళ్లుగా ఒత్తిడి పంపులు వచ్చాయి. వాటి ధార విడిపోదు, దెబ్బలా తగులుతుంది. వాహనం మీదున్న భట్టర్ల కళ్లలో కొడుతుంది, మోసేవాళ్లకు అడుగు కనబడదు, భుజం మీది బొంగు జారుతుంది. నీళ్లలో రంగో రసాయనమో కలిస్తే విగ్రహానికీ గుర్రం పూతకీ నష్టం. అళగర్ ఉత్సవమూర్తికి నూపుర గంగ నీళ్లు తప్ప వేరేవి అభిషేకానికి వాడరు, వాడితే నల్లబడుతుందని అక్కడి ఆచారం. అంతటి కట్టడి ఉన్న విగ్రహం మీద పంపు తిప్పడం మొక్కు కాదనే ఇక్కడ గట్టిగా చెప్పాలి. 2024లో హైకోర్టు మదురై ధర్మాసనం కూడా పంపులు వద్దని, సంప్రదాయ తిత్తితోనే చల్లాలని చెప్పింది.

తేదీ విషయంలో తెలుగువాళ్లు ఒక పొరపాటు చేస్తారు. చిత్తిరై అంటే చైత్రమని పంచాంగం చూసి బయల్దేరతారు. చిత్తిరై సౌరమాసం, ఏప్రిల్ 14 ప్రాంతంలో మొదలై మే నడుమ ముగుస్తుంది. ఆ లోపల వచ్చే పౌర్ణమి మన చైత్ర పౌర్ణమి కావచ్చు, వైశాఖ పౌర్ణమి కావచ్చు. 2024లో ఏప్రిల్ 23, అది చైత్ర పౌర్ణమే. 2023లో మే 5, 2025లో మే 12, రెండూ మనకు వైశాఖ పౌర్ణములు. తమిళ కేలండరు చూసుకోవాలి. 2019లో తేరు రోజు, లోక్‌సభ పోలింగు ఒకే రోజు ఏప్రిల్ 18న పడితే మదురైలో ఓటింగు సమయాన్ని రాత్రి 8 దాకా పొడిగించాల్సి వచ్చింది.

ఏట్లో దిగాక రామరాయర్ మండపం, వండియూరు, మర్నాడు తేనూరు మండపంలో గరుడ వాహనం మీద మండూకుడికి విమోచనం. ఆ రాత్రి రామరాయర్ మండపంలో తెల్లవార్లూ దశావతారాలు, తెల్లారేసరికి మోహిని వేషం. ఆ మర్నాటి రాత్రి తల్లాకుళంలో పూలపల్లకి. తర్వాత మళ్లీ అవే మండపాల్లో ఆగుతూ కొండ దారి పడతాడు. అళగర్‌కోవిల్ చేరాక, 21 బూడిదగుమ్మడికాయల మీద కర్పూరం వెలిగించి దిష్టి తీసి, కరుప్పన్ గడప దాటించి లోపలికి తీసుకెళ్తారు.