మనుషుల అక్రమ రవాణా: తిరుపతి, చిత్తూరుల్లో మేం రోజూ వినే అపోహలు

తిరుపతిలో ఈ విషయం మీద ఏ మీటింగ్ పెట్టినా మొదట వినిపించే మాట ఒకటే: "అవన్నీ ముంబయి, ఢిల్లీ వ్యవహారాలు సార్, మన దగ్గర ఎక్కడివి?" అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: అక్రమ రవాణా అంటే ఆడపిల్లల్ని పెద్ద ఊళ్లకు తీసుకుపోయి అమ్మేయడం.

వాస్తవం: అదొక రూపం మాత్రమే. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 143వ సెక్షన్ ప్రకారం, దోపిడీ కోసం మనిషిని బెదిరించో, మోసం చేసో, ఆశ చూపో పనిలో చేర్చుకున్నా, తరలించినా, దాచినా, ఇంకొకరికి అప్పగించినా నేరమే. రాష్ట్రం దాటాలన్న షరతేమీ లేదు. మన చుట్టుపక్కల యానాది గిరిజన కుటుంబాలు అడ్వాన్స్ తీసుకుని ఇటుక బట్టీలకో, బాతులు మేపడానికో వెళ్తుంటాయి. లెక్క యజమాని చేతిలో ఉంటుంది, అప్పు మాత్రం తరగదు. చావుకో పెళ్లికో ఊరికి పోవాలంటే పిల్లాణ్ణి ఇక్కడే వదిలిపెట్టి పొమ్మంటారు. దీన్ని చాలామంది "వాళ్ల ఒప్పందం, మనకెందుకు" అనుకుంటారు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి అప్పు అసలు చెల్లదు, తీర్చాల్సిన పనే లేదు.

అపోహ: ఇష్టపడే వెళ్లింది, డబ్బు కూడా కట్టింది. ఇక నేరం ఎక్కడిది?

వాస్తవం: మోసంతోనో బెదిరింపుతోనో దోపిడీలోకి దింపినప్పుడు బాధితుల సమ్మతిని లెక్కలోకి తీసుకోకూడదని అదే సెక్షన్ చెబుతోంది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లే మన ప్రాంతపు ఆడవాళ్ల విషయంలో ఇది బాగా గుర్తుంచుకోవాలి. పది పాసవని వాళ్ల పాస్‌పోర్టు మీద గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లాలంటే వయసు 30 నిండాలి, పైగా ప్రభుత్వ రిక్రూట్‌మెంట్ సంస్థల ద్వారానే వెళ్లాలి. ఊళ్లోకి వచ్చిన ఏజెంటు "విజిట్ వీసా మీద పోదాం, అక్కడికెళ్లాక మార్పిస్తా" అన్నాడంటే ఈ రెండు నిబంధనల్నీ తప్పించుకుంటున్నాడనే అర్థం. ఈ మాట మా కంటే గ్రామ సమాఖ్య లీడరు చెబితేనే ఇంట్లోవాళ్లు వింటారు. ఆమె కూతురో, తోడికోడలో ఇంతకుముందే కువైట్ వెళ్లి వచ్చి ఉంటుంది మరి.

అపోహ: కమ్యూనిటీ భాగస్వామ్యం అంటే ర్యాలీ, ఫ్లెక్సీ, ప్రతిజ్ఞ.

వాస్తవం: ఫ్లెక్సీ వల్ల ఫోటోలో అందరూ కనిపిస్తారు, అంతే. నా లెక్కలో భాగస్వామ్యం ఉందో లేదో రాత్రి పదకొండింటికి తేలుతుంది. రేణిగుంట జంక్షన్‌లో ఒక్కతే దిగిన పదిహేనేళ్ల పిల్లను ఆటో డ్రైవర్ చూశాడనుకోండి, అతను ఎవరికి ఫోన్ చేస్తాడు? ఆ ఫోన్ ఎత్తినవాళ్లు పిల్లను ఎక్కడికి పంపుతారు? బాలల సంక్షేమ కమిటీ ముందు 24 గంటల్లో హాజరుపరచాలి, అంతవరకూ ఆ పిల్ల ఎక్కడ పడుకుంటుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు ముందే తెలిసుంటే అది భాగస్వామ్యం.

తిరుపతిలో దీనికి కావాల్సిన కళ్లు చాలానే ఉన్నాయి. బస్టాండులో కండక్టర్లు, స్టేషన్‌లో పోర్టర్లు, లాడ్జి రిసెప్షన్ కుర్రాళ్లు, అలిపిరి దగ్గర పూలమ్మే ఆడవాళ్లు. రోజూ వేలమంది వచ్చిపోయే ఊళ్లో కొత్త ముఖం వింత కాదు, కానీ తోడొచ్చిన మనిషిని చూసి బెదురుతున్న ముఖాన్ని వీళ్లు ఇట్టే పసిగడతారు. వీళ్లను మీటింగ్‌కు పిలవడం దండగ, ఆ గంటలో వాళ్ల బేరం పోతుంది. మనమే ఆటో స్టాండుకు పోయి టీ తాగుతూ మాట్లాడాలి. అడగాల్సింది కూడా ఒక్కటే: చూసింది చెప్పండి, మిగతాది మేం చూసుకుంటాం. పిల్లలైతే 1098, మహిళలైతే 181, ప్రమాదం కనిపిస్తే 112, రైల్లో అయితే 139.

అపోహ: ఫోన్ చేస్తే మనమే కోర్టుల చుట్టూ తిరగాలి.

వాస్తవం: ఈ భయం నిజమైనదే, తీసిపారేయను. కానీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినంత మాత్రాన ఎవరూ సాక్షి అయిపోరు. పైగా ఒంటరిగా, దిక్కులేకుండా కనిపించిన పిల్లల సమాచారం 24 గంటల్లో ఇవ్వాలని బాల న్యాయ చట్టమే చెబుతోంది.

అపోహ: పిల్ల కనబడకపోతే ఒక రోజు చూసి కంప్లైంట్ ఇవ్వాలి.

వాస్తవం: అలాంటి నిబంధన లేదు. పిల్లలు తప్పిపోతే వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఏ స్టేషన్‌కైనా వెళ్లొచ్చు, "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధి చూడకుండా ఏ స్టేషన్‌లోనైనా కట్టే ఎఫ్‌ఐఆర్) అడగండి.

అపోహ: అనుమానం వస్తే పట్టుకుని నాలుగు తగిలించి, ఫోటో గ్రూపులో పెడితే చాలు.

వాస్తవం: 2018లో వాట్సాప్ పుకార్లు నమ్మి దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఇక పిల్లల ఫోటో, పేరు బయటపెట్టడం చట్టరీత్యా నేరం. మంచి ఉద్దేశంతో పెట్టామన్నా చెల్లదు. దొరికిన పిల్ల తన ఊరికి తిరిగి వెళ్లి అక్కడే బతకాలి కదా.

అపోహ: విడిపించి ఇంటికి చేర్చేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: వెట్టి నుంచి బయటపడినవాళ్లకు ఆర్డీవో లేదా కలెక్టర్ నుంచి విడుదల పత్రం రావాలి. తక్షణ సాయం 30,000 రూపాయల వరకు ఉంటుంది. లక్ష నుంచి మూడు లక్షల దాకా ఇచ్చే పెద్ద మొత్తం మాత్రం కేసు తేలాకే వస్తుంది. ఈలోపు వాళ్లను పనికి తీసుకెళ్లిన పాత మేస్త్రీ కొత్త అడ్వాన్స్‌తో గుడిసె ముందు నిలబడతాడు. ఈ నెలల్లో ఆ కుటుంబానికి పోలీసుల కంటే ఊరి సంఘం, రేషన్ డీలరు, సచివాలయం సిబ్బంది ఎక్కువ అవసరం. యానాది కుటుంబాల్లో చాలామందికి ఆధార్ ఉండదు. ఆధార్ లేకపోతే బ్యాంకు ఖాతా తెరవడం కష్టం, ఖాతా లేకపోతే ఆ డబ్బు చేతికి రాదు. అందుకే మా జాబితాలో విడుదల పత్రం తర్వాత రెండో పని ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్లడం, అదీ కూలి పోకుండా ఉండే రోజు చూసుకుని.