పొలానికీ ట్యాంకుకీ మధ్య: జీవ ఇంధనాలపై అపోహలు - వాస్తవాలు

జీవ ఇంధనాల కర్బన లెక్కలు తనిఖీ చేయడం నా వృత్తి. ఒక లీటరు ఇథనాల్ గానీ బయోడీజిల్ గానీ బండి ట్యాంకులోకి చేరేలోపు పొలంలో ఎంత ఎరువు పడింది, ఎంత డీజిల్ కాలింది, ఫ్యాక్టరీ బాయిలర్‌లో ఏం మండించారు, ఆ పంట పండిన నేల అంతకు ముందు అడవా, బీడా, పాత పొలమా - ఇవన్నీ రికార్డుల్లో చూసి, చెప్పుకుంటున్న లెక్క నిలబడుతుందో లేదో తేల్చాలి. నా పని ఇదని తెలియగానే జనం రెండు మాటల్లో ఏదో ఒకటి అంటారు. "పచ్చ ఇంధనమే కదా, ఇంకా తనిఖీ ఎందుకు?" అనేది ఒకటి. "మనుషుల తిండి తగలబెట్టి బండ్లు తోలడానికి మీరు సంతకం పెడతారా?" అనేది రెండోది. ఇద్దరినీ నేను ఒకే మాట అడుగుతాను: ఆ ఇంధనం తయారు చేయకపోతే ఆ నేల, ఆ గింజ, ఆ చెత్త ఏమయ్యేవి? ఈ ప్రశ్నను దాటేసిన చోటల్లా ఒక అపోహ పుట్టింది.

అపోహ: మొక్క పీల్చుకున్న కార్బన్ డై ఆక్సైడే మళ్లీ బయటికి వస్తుంది కాబట్టి, వాతావరణానికి ఏ నష్టమూ లేదు.

సగం నిజం ఉంది కాబట్టే ఇది ఇంతకాలం బతికింది. గింజలో ఉన్న కర్బనం గాలిలోంచి వచ్చిందే, కాదనేవారు లేరు. కానీ గింజ ఊరికే రాలేదు. పొలానికి నత్రజని ఎరువు వేస్తే అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే కిలోకు కిలో అది కార్బన్ డై ఆక్సైడ్ కంటే సుమారు 273 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. పులిసిన ద్రవంలోంచి ఇథనాల్‌ను వేరు చేయడానికి ఆవిరి కావాలి. ఆ ఆవిరి చెరకు పిప్పి మండించి పుట్టిందా, బొగ్గు మండించి పుట్టిందా అన్నదాన్ని బట్టి, పంట ఒకటే అయినా తుది లెక్క పూర్తిగా మారిపోతుంది. నేను ప్లాంటుకు వెళ్తే మొదట చూసేది ఇంధనం ట్యాంకులను కాదు, బాయిలర్ గదిని.

దీనికంటే లోతైన చిక్కు ఇంకోటుంది. ఆ పొలంలో నిన్నటిదాకా అదే మొక్కజొన్న పండుతూ ఉంటే, అది నిన్న కూడా కార్బన్ పీల్చింది. పక్కన డిస్టిలరీ కట్టినంత మాత్రాన మొక్క అదనంగా పీల్చదు. కొత్తగా అదనపు పచ్చదనం పెరిగినప్పుడో, లేకపోతే ఎలాగూ కుళ్లిపోయే, తగలబెట్టే పదార్థాన్ని వాడుకున్నప్పుడో మాత్రమే మొక్క పీల్చిన కార్బన్‌ను ఇంధనం ఖాతాలో జమ వేసుకునే హక్కు వస్తుంది.

కలప సంగతీ ఇంతే. ఒక యూనిట్ కరెంటుకు చిమ్నీ దగ్గర కొలిస్తే కలప గుళికలు సాధారణంగా బొగ్గు కంటే ఎక్కువ కార్బన్ డై ఆక్సైడ్ వదులుతాయి. నరికిన చెట్టు స్థానంలో మరో చెట్టు అంత ఎత్తుకు ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. అయినా విద్యుత్ రంగం పద్దులో ఆ గడిలో సున్నా కనిపిస్తుంది. కారణం ఉంది: అంతర్జాతీయ లెక్కల నియమాల ప్రకారం ఆ ఉద్గారాన్ని చెట్టు నరికిన చోట, భూమి పద్దులో రాస్తారు. రెండుచోట్లా రాస్తే ఒకటే రెండుసార్లు లెక్కపడుతుందని విద్యుత్ పద్దులో వదిలేస్తారు. "ఇక్కడ రాయలేదు" అన్న సున్నాను "అసలు లేదు" అని చదవడం మా రంగంలో అతి ఖరీదైన పొరపాటు.

అపోహ: ఇథనాల్ తయారీకి పెట్టే శక్తి, దాన్నుంచి వచ్చే శక్తి కంటే ఎక్కువ.

ఏటి ఈతకూ లంక మేతకూ సరి అన్న సామెత ఇక్కడ కొంతవరకే వర్తిస్తుంది. మొక్కజొన్న ఇథనాల్‌లో ఒక యూనిట్ శిలాజ శక్తి పెడితే దాదాపు 1.3 నుంచి 2 యూనిట్లు తిరిగి వస్తాయని ఎక్కువ అధ్యయనాల లెక్క. బొటాబొటీ లాభమే, కానీ నష్టం కాదు. బ్రెజిల్ చెరకు ఇథనాల్‌లో అది 8 దాకా వెళ్తుంది. ఫ్యాక్టరీని నడిపే ఆవిరి, కరెంటు పిప్పిలోంచే వస్తాయి, మిగిలిన కరెంటును అమ్ముకుంటారు కూడా. రెండింటినీ ఇథనాల్ అనే పిలుస్తాం, సీసాలో రెండూ ఒకటే. పేరు చూసి తీర్పు చెప్పేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే.

అపోహ: మేం అడవి నరకలేదు, పాత పొలంలోనే పండించాం, కాబట్టి భూమి లెక్క మాకు అంటదు.

పత్రాలు చూస్తే ఈ మాట చాలాసార్లు నిజమే. తప్పు పత్రాల్లో లేదు, పత్రాలు ఆ పొలం గట్టు దగ్గరే ఆగిపోవడంలో ఉంది. తిండికో మేతకో పండుతున్న గింజ ఇంధనానికి మళ్లితే తినేవాళ్ల అవసరం మాయం కాదు. ధర పెరుగుతుంది, ఎక్కడో మరో రైతు కొత్త నేల దున్నుతాడు. యూరప్‌లో ఆవజాతి నూనె బయోడీజిల్‌కు పోతే ఆహార పరిశ్రమ మరో నూనె వెతుక్కుంటుంది. చవగ్గా దొరికేది పామాయిల్. ఆ చెట్టు పెట్టడానికి ఆగ్నేయాసియాలో అడవి, పీట్ నేలలు (సగం కుళ్లిన మొక్కలు పేరుకుని కార్బన్ దాచుకున్న తడి నేలలు) బలవుతాయి. పరోక్ష భూవినియోగ మార్పు అని దీనికి పేరు.

2008 ఫిబ్రవరిలో సైన్స్ పత్రికలో వచ్చిన రెండు పరిశోధనలు మా వృత్తినే కుదిపేశాయి. ఫార్జియోన్ బృందం "కర్బన అప్పు" లెక్కగట్టింది. ఇండోనేషియా, మలేషియాల్లో పీట్ నేలల అడవిని కొట్టి పామాయిల్ బయోడీజిల్ తీస్తే, నేలలోంచి, చెట్లలోంచి వెలువడిన కార్బన్‌ను ఆ ఇంధనం చేసే ఆదాతో పూడ్చడానికి 400 ఏళ్లకు పైగా పడుతుంది. బ్రెజిల్‌లో సెరాడో అనే, చెట్లూ గడ్డీ కలిసిన నేలల్లో చెరకు వేస్తే 17 ఏళ్లు చాలు. సర్చింజర్ బృందం పరోక్ష మార్పును కూడా కలిపి, అమెరికా మొక్కజొన్న ఇథనాల్ అప్పు తీరడానికి 167 ఏళ్లని చెప్పింది. ఆ అంకె ఎక్కువ చేసి చెప్పిందని తర్వాత చాలామంది తగ్గించారు. అయినా తగాదా తెగలేదు. పెట్రోలుతో పోలిస్తే మొక్కజొన్న ఇథనాల్ ఉద్గారాలు సుమారు 40 శాతం తక్కువని అమెరికా వ్యవసాయ శాఖ 2019లో చెప్పింది. 2022లో లార్క్ బృందం, 2005లో వచ్చి 2007లో విస్తరించిన, జీవ ఇంధనాలు కలపడం తప్పనిసరి చేసిన అమెరికా చట్టం వల్ల దున్నిన నేలనూ, పెరిగిన ఎరువునూ కలిపి లెక్కవేసి, అది పెట్రోలు కంటే తక్కువేమీ కాదనీ, బహుశా 24 శాతమైనా ఎక్కువేననీ తేల్చింది.

ఒకే ఇంధనానికి ఇంత తేడా ఎలా? తేడాలో పెద్ద భాగం భూమి దగ్గరే ఉంది: ఏ నేల ఎవరి వల్ల దున్నబడిందని అనుకున్నామో, అందులో ఎంత కార్బన్ ఉందనుకున్నామో. కొలిచేది కాదు, అంచనా వేసేది. అందుకే "మా ఇంధనం 72.4 శాతం శుభ్రం" అని దశాంశంతో సహా రాసుకొచ్చిన ప్రకటన చూస్తే నాకు నవ్వొస్తుంది. యూరోపియన్ యూనియన్ ఈ అంకెల కొట్లాటను పక్కనపెట్టి వేరే దారి పట్టింది. ఆహార పంటల ఇంధనాలకు 2015లో, రవాణాకు వాడే శక్తిలో 7 శాతమని పరిమితి పెట్టింది. అడవులను తినే ముప్పు ఎక్కువున్న ముడిసరుకును, ముఖ్యంగా పామాయిల్‌ను, 2030 నాటికి లక్ష్యాల లెక్కలోంచి తీసేయాలని నిర్ణయించింది. ఖచ్చితమైన అంకె దొరకనప్పుడు ప్రమాదాన్ని బట్టి గీత గీయడం నా దృష్టిలో తెలివైన పనే.

అపోహ: ప్రపంచంలో ఆకలికి జీవ ఇంధనాలే కారణం. దీని జంట అపోహ: ఆకలితో జీవ ఇంధనాలకు సంబంధమే లేదు.

ముందు ఒక చిన్న లెక్క. 100 కిలోల మొక్కజొన్న నుంచి సుమారు 41 లీటర్ల ఇథనాల్ వస్తుంది. 50 లీటర్ల ట్యాంకును పూర్తిగా ఇథనాల్‌తో నింపాలంటే సుమారు 120 కిలోలు కావాలి. కిలోకు 3,600 కేలరీల చొప్పున, రోజుకు 2,200 కేలరీలు తినే మనిషికి అది ఆరు నెలల పైమాటే. గుండె జారే అంకె. కానీ ఆ గింజలో పిండిపదార్థమే ఇథనాల్ అవుతుంది. మాంసకృత్తులు, కొవ్వు, పీచు డి.డి.జి.ఎస్. అనే దాణాగా, బరువులో దాదాపు మూడో వంతు, పశువులకూ కోళ్లకూ తిరిగి వెళ్తాయి. పైగా ఆ మొక్కజొన్నలో ఎక్కువ భాగం ఎలాగూ మనిషి పళ్లెంలోకి నేరుగా వచ్చేది కాదు, మేతకు పోయేదే. అయినంత మాత్రాన గొడవ ముగియదు. మేత ధర పెరిగితే పాలు, గుడ్లు, మాంసం పెరుగుతాయి. మొక్కజొన్న లాభసాటి అయితే పక్క పంట నేల తగ్గుతుంది.

2007-08లో ఆహార ధరలు ఎగిసినప్పుడు అందులో జీవ ఇంధనాల వాటా ఎంతో తేల్చబోయి నిపుణులు తలా ఒక అంకె చెప్పారు. ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త డొనాల్డ్ మిచెల్ 70 నుంచి 75 శాతం అన్నారు. అయితే అందులో జీవ ఇంధనాలతో పాటు, వాటి వల్ల తగ్గిన నిల్వలు, సట్టా వ్యాపారం, ఎగుమతి నిషేధాలు కూడా ఉన్నాయి. అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ ధాన్యం ధరల పెరుగుదలలో 30 శాతం అంది. అమెరికా అధికారులు 2-3 శాతం దగ్గరే ఆగారు. ఒకరు ధాన్యం ధర చూశారు, ఇంకొకరు మొత్తం ఆహారం ధర చూశారు, కాలాలు వేరు. పెరిగిన చమురు ధర, ఆస్ట్రేలియా కరువు, దేశాలు వేసిన ఎగుమతి ఆంక్షలు - అన్నీ ఒకేసారి కలిశాయి. సంపాదనలో సగానికి పైగా తిండికే పెట్టే కుటుంబానికి మాత్రం ఎవరి వాటా ఎంతైనా అది గోరుచుట్టు మీద రోకటిపోటే. అదే సమయంలో గింజ అమ్ముకునే రైతుకు మంచి ధర వచ్చింది. చిన్న రైతుల్లో చాలామంది పండించేదానికంటే కొనుక్కునేదే ఎక్కువ కాబట్టి, రైతుకు లాభమన్న మాట కూడా అందరికీ వర్తించదు.

నన్ను అడిగితే సగటు వాటా కంటే ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది: కరువు ఏడాదిలో ఇంధనం వెనక్కి తగ్గుతుందా? పంట తగ్గినప్పుడు పేదవాడు తిండి తగ్గించుకుంటాడు, రైతు మందను తగ్గించుకుంటాడు. చట్టం చెప్పిన లీటర్లు మాత్రం తగ్గవు. 2012లో అమెరికాను తీవ్రమైన కరువు పట్టి మొక్కజొన్న ధర రికార్డులు దాటింది. ఆ ఏడాదికి ఇథనాల్ తప్పనిసరిని సడలించమని రాష్ట్రాలు అడిగితే, నవంబర్‌లో పర్యావరణ పరిరక్షణ సంస్థ కాదంది. బ్రెజిల్‌లో ఇందుకు భిన్నంగా జరిగింది. 2011లో చెరకు తగ్గినప్పుడు ప్రభుత్వం పెట్రోలులో కలిపే ఇథనాల్‌ను 25 నుంచి 20 శాతానికి దించింది. అక్కడ 2003 నుంచి ఏ పాళ్లలోనైనా నడిచే కార్లున్నాయి, మిల్లులు ధరను బట్టి చక్కెర వైపో ఇథనాల్ వైపో మళ్లగలవు. కలపడం తప్పా ఒప్పా అని వాదించేవాళ్లు ఎంతోమంది. తగ్గించే మీట ఎవరి చేతిలో ఉంది, అది ఎంత త్వరగా కదులుతుంది అని అడిగేవాళ్లు అరుదు.

అపోహ: బంజరు భూముల్లో నూనె గింజలు వేస్తే తిండికీ పోటీ లేదు, నీళ్లూ అక్కర్లేదు.

అడవి ఆముదం కథ ఇదే. జట్రోఫా అన్న పేరుతో 2000 తర్వాతి దశాబ్దంలో ఆసియా, ఆఫ్రికా దేశాలు దాన్ని లక్షల ఎకరాల్లో నాటాయి. ఎండిన నేలలో ఆ మొక్క బతికింది, ఆ మాట నిజమే. బతకడం వేరు, కాపు కాయడం వేరు. నీళ్లు, ఎరువు, మంచి నేల ఇస్తే తప్ప దిగుబడి రాలేదు. అవన్నీ ఇస్తే అక్కడ తిండి పంటే వేసుకోవచ్చు. గింజ విషపూరితం కాబట్టి, నూనె కొనేవాళ్లు లేకపోతే దాన్ని పశువులకు పెట్టడానికీ పనికిరాదు. ఇక బంజరు అన్న మాట ఎవరిది? పత్రంలో ఖాళీగా కనిపించే నేల మీద ఎవరి మేకలో మేస్తుంటాయి, ఎవరో కట్టెలు ఏరుకుంటుంటారు.

అపోహ: రెండో తరం ఇంధనాలు వస్తున్నాయి, గడ్డీ చొప్పా చాలు, ఇక గింజ జోలికి పోనక్కర్లేదు.

వస్తున్నాయని విని చాలాకాలమైంది. అమెరికా 2007 చట్టం 2022 నాటికి గడ్డి, కలప లాంటి పీచు పదార్థం నుంచి ఏడాదికి 1,600 కోట్ల గాలన్ల ఇంధనం రావాలని రాసుకుంది. వచ్చింది అందులో అతి చిన్న ముక్క. గింజలో పిండిని ఎంజైములు తేలిగ్గా విరుస్తాయి. చొప్పలో చక్కెరలు లిగ్నిన్ గోడల వెనక బిగుసుకుని ఉంటాయి, ముందు ఆ గోడ పగలగొట్టాలి. పైగా గడ్డి తేలిక, చోటు ఎక్కువ తింటుంది, మట్టి, రాళ్లతో కలిసి వస్తుంది. పెద్ద ప్లాంట్లను ముందు దెబ్బకొట్టింది చాలాచోట్ల ఈ మోత, నిల్వ, రాళ్ల గొడవలే. పొలంలో మిగిలినదంతా వ్యర్థం కూడా కాదు. కొంత నేలలోనే ఉండాలి, లేకపోతే సేంద్రియ కర్బనం తగ్గి నేల పలచబడుతుంది. కొంత పశువుల మేత. మిగిలి ఎలాగూ తగలబెట్టేది ఉంటే, అది తప్పకుండా వాడుకోదగ్గదే.

అపోహ: సౌర ఫలకాలు, విద్యుత్ వాహనాలు వచ్చేశాక జీవ ఇంధనాల అవసరమే లేదు.

కార్ల వరకు ఒప్పుకుంటాను. పంటలు తమ మీద పడే ఎండలో ఒక శాతం అటూఇటుగా మాత్రమే పట్టుకుంటాయి, సౌర ఫలకం 20 శాతం దాకా పట్టుకుంటుంది. ఇంజిన్‌లో పోయే వేడిని కూడా కలుపుకుంటే, ఒక హెక్టారు మొక్కజొన్న ఇథనాల్‌తో కారు తిరిగే దూరానికి అదే హెక్టారు సౌర కరెంటు కనీసం 50 రెట్లు తిప్పుతుంది. కానీ సముద్రాలు దాటే విమానానికి బ్యాటరీ బరువు కుదరదు. ఉన్న కొద్దిపాటి వాడేసిన నూనెలు, కొవ్వులు అలాంటి చోటుకు వెళ్లడమే మేలు. వాడేసిన వంట నూనెకు కొత్త నూనె కంటే గిరాకీ పెరిగితే, మంచి నూనెనే వాడేసినదని అమ్మాలన్న ఆశ పుడుతుంది. అందుకే మేం డబ్బాలతో పాటు అవి ఎక్కడ నిండాయో కూడా అడుగుతాం.

అపోహ: జీవ శక్తి అంటే ఇథనాల్, బయోడీజిల్.

ప్రపంచంలో దాదాపు 210 కోట్ల మంది ఇప్పటికీ కట్టెలు, పిడకలు, పంట చెత్త, బొగ్గు, కిరోసిన్ లాంటి వాటి మీదే వండుకుంటున్నారు. ఇంట్లో కమ్ముకునే ఆ పొగ వల్ల 2020లో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గింజ దొరికినా ఉడికించే మంట లేకపోతే అది తిండి కాదు. జీవ శక్తి మీద జరిగే సభల్లో పొయ్యి గురించి మాట్లాడేది చివరి గంటలో, సగం కుర్చీలు ఖాళీ అయ్యాక.

అపోహ: బయోగ్యాస్‌కు ఏ వంకా పెట్టలేం.

పేడ, మురుగు, మిగిలిపోయిన ఆహారం నుంచి తీస్తే నాకు అన్నింటికంటే నచ్చేది ఇదే. ఎలాగూ గాలిలోకి పోయే మీథేన్‌ను పట్టి మండిస్తున్నాం, మిగిలిన ద్రవం పొలానికి ఎరువవుతుంది. అయితే జర్మనీలో సబ్సిడీ చూసి ప్లాంట్ల కోసమే మొక్కజొన్న సాగు విపరీతంగా పెరిగి, 2012లో ముడిసరుకులో దానికి 60 శాతం పరిమితి పెట్టాల్సి వచ్చింది. ఇక లీకేజీ. వందేళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డై ఆక్సైడ్ కంటే 27 రెట్లకు పైగా వేడెక్కిస్తుంది, కాబట్టి కొద్ది శాతం జారిపోయినా వచ్చిన మేలులో మంచి భాగం కరిగిపోతుంది. ఒకసారి ఒక ప్లాంటులో పరారుణ కెమెరా పట్టుకుని తిరిగాను. మామూలు కంటికి అంతా శుభ్రంగా ఉంది, వాసన కూడా లేదు. కెమెరా తెర మీద మాత్రం ట్యాంకు కప్పు అంచున, బిగింపు సడలిన చోట, పొగలా ఒక పాయ ఆగకుండా లేస్తోంది. చేతిలో ఉన్న వాళ్ల నివేదిక తిప్పి చూశాను. లీకేజీ అన్న గడిలో సున్నా రాసి ఉంది.